తలనీలాలకు దరఖాస్తు

మొక్కు ఆలస్యమైతే దేవుడు కారణం అడుగుతాడా అన్న అనుమానం బసవపున్నయ్యకు పదకొండేళ్లుగా ఉంది. కూతురికి కామెర్లు తగ్గితే భద్రాచలంలో తలనీలాలు ఇస్తానని మొక్కాడు. కామెర్లు తగ్గాయి, కూతురు ఇంటర్‌కు వచ్చింది, జుట్టు మాత్రం ఇంకా తలమీదే ఉంది. సత్తుపల్లి దగ్గరి బొగ్గు గనిలో మట్టి తీసే ఒక ప్రైవేటు కంపెనీలో అతను పంపు ఆపరేటరు. ప్రతి ఏడూ మొక్కు కోసమని నాలుగు రోజుల సెలవు దాచేవాడు. ప్రతి ఏడూ ఎవరి జ్వరమో, ఎవరి చావో ఆ నాలుగు రోజులనూ మింగేసేది.

"రాముడైనా పద్నాలుగేండ్లకు తిరిగొచ్చిండు. నీకింక మూడే మిగిలినయ్" అనేది భార్య సునంద.

మూడు వారాల కింద పంపు పైపు జారి అతని ఎడమ పాదం మీద పడింది. రెండు ఎముకలు విరిగాయి. మోకాలి దాకా సిమెంటు కట్టు వేశారు. డ్యూటీలో తగిలిన దెబ్బ కాబట్టి, డాక్టరు ఫిట్ అని రాసేదాకా పూర్తి జీతంతో గాయం సెలవు ఉంటుంది. దాచుకున్న సొంత సెలవుల జోలికి ఎవరూ రారు. ఒకటే షరతు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు.

అందుకే సోమవారం పొద్దున అతని పని చాలా చిన్నది. భద్రాచలం పోయిరావడానికి అనుమతి కోరుతూ ఆఫీసులో ఒక దరఖాస్తు ఇచ్చి, కంపెనీ దవాఖానాలో కాలు చూపించుకొని, పప్పన్నం వేళకు ఇల్లు చేరాలి.

దరఖాస్తు చదివి సెలవుల గుమస్తా చందూలాల్ తల గోక్కున్నాడు. 'శ్రీరాములవారి సన్నిధికి మెట్లెక్కి దర్శనము చేసుకొని, తలనీలాలు సమర్పించుటకు' అని ఉంది అందులో.

"పున్నన్నా, చుట్టాలింట్ల పెండ్లి అని రాయరాదే. ఇది తిరకాసైతది."

"దేవుని పనికి అబద్ధం రాయాల్నా తమ్మీ? నాతోటి కాదు."

ఊరు దాటాలంటే డాక్టరు సంతకం కావాలి. దవాఖానాలో డాక్టర్ శ్రీదేవి కాలు చూసి, కాగితం చూసి, మళ్లీ కాలు చూసింది.

"మెట్లెక్కుతవా?"

"ఎక్కనమ్మా, కిందనే కూసుంట. దేవునికి రాసేటప్పుడు గట్ల రాస్తే మర్యాదగుంటదని రాసిన."

"బండిల కూసోని పో. కాలు కింద పెట్టకు" అని ఆమె ఫారం అందుకుంది. ప్రయాణానికి 'తగును', 'తగడు' అని రెండే గడులున్నాయి. ఆమె 'తగును' దగ్గర టిక్కు పెట్టింది. కాలు కింద పెట్టకు అని రాయడానికి ఫారంలో చోటు లేదు.

ఇంట్లో అతను రెండో ముద్ద కలుపుతుండగా ఫోనుకు మెసేజీ వచ్చింది. మెట్లెక్కబోయే మనిషి, పైగా తగునన్న డాక్టరు. హెడ్డాఫీసుకు ఇంకేం కావాలి? 'మీరు ఫిట్‌గా ఉన్నందున గాయం సెలవు ముగిసినది. రేపు మొదటి షిఫ్టుకు హాజరు కాగలరు.'

"ఆ కాలు మీద నిలబడితే మళ్ల ఇరుగుతది. జన్మంతా కుంటాల్నా? పోకు" అంది సునంద.

"పోకుంటే గైర్హాజరు. దాసుకున్న సెలవంతా కోస్తరు. మొక్కు మళ్ల మొదటికే."

మంగళవారం గని గేటు దగ్గర సేఫ్టీ ఆఫీసరు ప్రేమ్‌సాగర్ అతన్ని కిందినుంచి పైకి చూశాడు.

"బూటేది?"

"కుడికాలికి ఉంది సార్."

"ఎడమకాలికి?"

"కట్టుంది."

"రెండు బూట్లుంటేనే లోపలికి. నువ్వు అన్‌ఫిట్."

"నేను ఫిట్టని ఫోన్ల వచ్చింది సార్."

"అయితే ఫోన్ను లోపలికి పంపియ్. నువ్వు ఇంటికి పో."

బుధవారం కూడా అదే గేటు, అదే మాట. అక్కడినుంచి చంక కర్ర టకటకలాడించుకుంటూ చందూలాల్ దగ్గరికి పోయాడు.

"నిన్నటిదొకటి, ఇయ్యాల్టిదొకటి, నీ సొంత సెలవుల రెండు పోయినయన్నా."

"నేను గేటు కాడికి వచ్చిన కదా."

"వచ్చినవ్. లోపలికి రాలే."

"రానియ్యలే."

"అది వేరే ఫారం. గాయం సెలవు పొడిగించాలంటే మూడు రోజుల ముందు అడగాలె. ఆలస్యానికి కారణం ఈ గడిల రాయి."

"మొన్ననే ఆపితిరి. మూడు రోజుల ముందు ఎట్లడుగుత?"

"గదే రాయి."

అతను అదే రాశాడు. ఈ గోల విని డాక్టర్ శ్రీదేవి స్వయంగా ఆఫీసుకు వచ్చింది. "ప్రయాణానికి తగును అన్న గని పనికి తగును అన్లే గదయ్యా" అని చందూలాల్‌ను నిలదీసింది. ఆయన రూలు పుస్తకం తిప్పాడు. ఒకసారి పడ్డ టిక్కును, పెట్టిన డాక్టరు కూడా తీసేయడానికి వీల్లేదట. కంపెనీ జాబితాలోని ఎముకల డాక్టరు మళ్లీ చూసి రాయాలట.

"ఆయన ఏడ ఉంటడు?" అన్నాడు బసవపున్నయ్య నీరసంగా.

"భద్రాచలం. రేపు పొద్దున అంబులెన్సు పంపుతం. తోడుకు వదినను గూడ తీస్కపో."

"మరి పర్మిషనూ?"

"కంపెనీయే పంపుతుంటే పర్మిషనేందన్నా."

గురువారం పది గంటలకల్లా ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆరు వారాలు కాలు కదపవద్దని రాశాడు. ఆ చీటీ ఫొటో అందగానే చందూలాల్ ఫోను చేశాడు. "మంగళారం నుంచే గాయం సెలవన్నా. నీ రెండు రోజులు నీకొచ్చినయ్."

పొద్దున దారిలో మొక్కు సంగతంతా విన్న అంబులెన్సు డ్రైవరు భీమ్లా, తిరుగు ప్రయాణంలో ఎవరినీ అడగకుండానే బండిని గోదావరి ఒడ్డుకు తిప్పాడు. "కాలు కదపొద్దన్నరు గానీ గుండు వద్దన్లేదు కదన్నా" అన్నాడు.

సునంద తలనీలాల టికెట్టు తెచ్చింది. బసవపున్నయ్య కట్టుకాలు బారజాపి, దూరంగా కనిపిస్తున్న గోపురానికి దండం పెట్టి కూర్చున్నాడు. మంగలి నీళ్లు చల్లుతూ, "ఎప్పటి మొక్కే?" అన్నాడు.

"పదకొండేండ్లయింది."

"తల వంచు" అన్నాడు మంగలి.

ఐదు నిమిషాల్లో పదకొండేళ్ల బాకీ ఒళ్లోకి రాలింది. బసవపున్నయ్య బోడితల తడుముకొని, చేతిలోని టికెట్టును ముందొకసారి, వెనకొకసారి తిప్పి చూశాడు. ఆలస్యానికి కారణం రాయమనే గడి అందులో ఎక్కడా లేదు.