పది గంటలకు ఖాళీ అయిన కుర్చీ

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. పది గంటలకు పాట విడుదల కావాలి. పాడినవాడు మామూలుగానే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి అద్దాలు అరగదీయాలి. వాళ్ళమ్మ శీతల గిడ్డంగిలో డ్యూటీకి వెళ్ళాలి. వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. ముందురోజే దవడపన్ను పీకించుకున్నాడు కాబట్టి ఇంట్లో పడుకోవాలి. నోట్లో దూది, దవడ చుట్టూ తల మీదుగా గుడ్డకట్టు, ఒకరోజంతా నోరు మెదపొద్దని డాక్టరు ఆజ్ఞ. కొడుకు సంగీతం గురించి ఆయన మామూలుగా కూడా నోరు మెదపడు కనుక ఇంట్లో పెద్ద తేడా తెలియలేదు.

నలుగురు స్నేహితులు మూడేళ్ళుగా ఒక పాత షెడ్డులో రాక్ వాయిస్తున్నారు. ఏ పాటల కంపెనీ దగ్గరకు రానివ్వకపోతే తొలి పాటను సొంతంగానే నెట్‌లో పెడుతున్నారు. దాని పేరు ‘నాన్న కుర్చీ ఖాళీ’. పాట అట్టబొమ్మ కోసం గాయకుడు తమ హాల్లోని వాలుకుర్చీనే ఫోటో తీసి, పైన పాట పేరు, కింద ‘ఈ ఉదయం పది గంటలకు’ అని వేశాడు.

అమ్మ ఎంతో గర్వంగా ఆ ఫోటోను బంధువుల గ్రూపులోకి పంపి, ఫోన్ లాకర్లో పెట్టి, డ్యూటీకి పోయింది.

‘నాన్న కుర్చీ ఖాళీ. ఈ ఉదయం పది గంటలకు.’

పదిన్నరకు పెద్దమ్మ చదివింది. ఆ కుర్చీ ఎవరిదో ఆవిడకు తెలుసు. గుండె బాదుకుంటూ మరిది నంబరుకే ఫోన్ చేసింది, కొడుకైనా ఎత్తుతాడని.

"బాబూ, నిజమేనా?"

"ఊఁ... ఊఁహుఁ... ఊఁ..." అంది అవతల దూది.

"ఏడవకు నాన్నా! మేమంతా బయల్దేరుతున్నాం. నువ్వు దేనికీ కంగారు పడకు!"

మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. ఇంకో నొప్పి మాత్ర మింగి, తన కుర్చీలోనే వాలి నిద్రపోయాడు.

పదకొండింటి టీ వేళకు గాయకుడు ఫోన్ చూసుకుంటే నలభై సందేశాలు. ‘తట్టుకోలేకపోతున్నాం.’ ‘కన్నీళ్ళు ఆగడం లేదు.’ ‘ధైర్యంగా ఉండు బాబూ.’ మూడేళ్ళుగా తన పాట ఒక్కటీ వినని జనం! వెంటనే జవాబిచ్చాడు: ‘మిమ్మల్నందర్నీ ఏడిపించగలిగినందుకు చాలా సంతోషం. ఈ రోజు కోసమే మూడేళ్ళుగా ఎదురుచూశాను.’

"అయ్యో, పిల్లాడికి మతి చలించింది!" అని పెద్దమ్మ ఇంకో వ్యాను మాట్లాడింది.

మధ్యాహ్నానికి ముప్ఫైమంది దిగారు. కబురు తెలిసి లిఫ్టు కంపెనీవాళ్ళు నిలువెత్తు పూలదండతో వచ్చారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పెద్దమ్మ తోసుకుని లోపలికి వెళ్ళింది. కుర్చీలో మరిది. కళ్ళు మూసుకుని ఉన్నాడు, దవడకు గుడ్డ కట్టి ఉంది.

"ఒక్కణ్ణే వదిలేసి ఎక్కడికి పోయార్రా అందరూ!" అని ఆవిడ ఎత్తుకున్న రాగానికి మేస్త్రీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

దండ పట్టుకున్న ఇద్దరూ దాన్ని వదిలేసి వీధి చివర దాకా పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే పొరుగింటివాళ్ళ ఫోన్ అందుకుని గాయకుడు రొప్పుతూ వచ్చాడు.

"పాట పెద్దమ్మా! అది పాట పేరు!"

"పాటా? బతికున్న తండ్రి మీదా? నీకు కళ్ళు పోతాయిరా!"

మేస్త్రీ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. కాగితం తీసుకుని రాశాడు: ‘పెట్టు.’

పాట నాలుగు నిమిషాలు. ముప్ఫైమందీ నిలబడే విన్నారు. అందులో ఒక తండ్రి చొక్కా ఇంకా చిలక్కొయ్యకే వేలాడుతుంది. ఆయన వానాకాలానికి కొన్న గొడుగు ఒక్కసారీ తెరుచుకోదు. అయిపోయాక మేస్త్రీ మళ్ళీ రాశాడు: ‘ఇది నేను కాదు. ఎవరు?’

గాయకుడు తల దించుకున్నాడు. "మన డ్రమ్మర్ వాళ్ళ నాన్న. పోయి రెండు నెలలైంది. పాట రాసింది వాడే. వాళ్ళింట్లో అన్నీ ప్లాస్టిక్ కుర్చీలని మనది ఫోటో తీశాం."

‘చావుకి ఎంతమంది వెళ్ళారు?’

"మేం ముగ్గురం. వాళ్ళకి ఇక్కడ ఎవరూ లేరు నాన్నా. వాడు కూడా ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇంతవరకు ఏడవను కూడా లేదు."

మేస్త్రీ చెప్పులు వేసుకుని, కింద పడ్డ దండను దులిపి భుజాన వేసుకుని నడిచాడు. ఎక్కడికో అందరికీ అర్థమైంది. ఎలాగూ ఏడవడానికే వచ్చారు. రెండు వ్యాన్లూ వెనకే కదిలాయి.

డ్రమ్మర్ తల్లి తలుపు తీసి, మెట్ల నిండా ఉన్న జనాన్ని చూసి భయపడింది. "ఎవరండీ మీరంతా?"

పెద్దమ్మ ముందుకెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"రావడం ఆలస్యమైందమ్మా. ఏమీ అనుకోకు."

డ్రమ్మర్ బయటికి వచ్చి అందర్నీ చూశాడు. మర్యాద గుర్తొచ్చి ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలన్నీ మోసుకొచ్చాడు. నాలుగే ఉన్నాయి. "ఇంకా... ఇంకా కుర్చీల్లేవండి" అన్నాడు మేస్త్రీతో. మేస్త్రీ నోట్లో దూదితో ఏమీ అనలేక, వాణ్ణి దగ్గరకు లాక్కున్నాడు. రెండు నెలల ఏడుపు ఆయన చొక్కా మీద పడింది.

మర్నాడు పాట మీద ఒకే ఒక్క సమీక్ష వచ్చింది: ‘వాయిద్యాలు ఫరవాలేదు, దుఃఖం మాత్రం అరువు తెచ్చుకున్నట్టుంది.’