గేటుకి కట్టిన ఉద్యోగం

ఆ రోజు తబిత వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆఫీసుకి చేరడం, వెనకతోటలో తన అరటిచెట్లకి ఎండాకులు కోయించడం, పదింటికి వచ్చే కమిటీకి ఆ చెట్లు చూపించడం, మధ్యాహ్నం భోజనాల వేళకి పర్మనెంటు అయిపోవడం. ఇందులో మొదటిది తప్ప ఏదీ అనుకున్నట్టు జరగలేదు.

తబిత సైంటిస్టు. రావులపాలేనికి కాస్త అవతల, కాలవ గట్టును ఆనుకుని ఉన్న ప్రభుత్వ అరటి పరిశోధన కేంద్రంలో ఐదేళ్ల కాంట్రాక్టు మీద చేరింది. ఏడాదికోసారి రెన్యూవల్. ఐదో ఏడు చివర కమిటీ వచ్చి పని చూస్తుంది. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, నచ్చకపోతే ఇంటికే. ఆ ఐదేళ్లు ఈ నెలాఖరుతో నిండుతున్నాయి. పిల్లాణ్ణి ఏ బడిలో ఉంచాలన్న దగ్గర్నుంచి హాల్లో చప్పుడు చేసే ఫ్యాను దాకా, ఆ ఇంట్లో ప్రతి నిర్ణయమూ "పర్మనెంటు అయ్యాక చూద్దాం" అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంది. ఫ్యాను మాత్రం ఆగలేదు, చప్పుడు చేస్తూనే ఉంది.

ఐదేళ్లూ ఆమె చేసిన పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. గోదావరి జిల్లాల్లో అరటి గెల వేసిందంటే రైతు చెట్టుకి వెదురు గెడ ఆనించి కడతాడు. లేకపోతే ఓ మోస్తరు గాలికే చెట్టు గెలతో సహా నేలకి వస్తుంది. తబిత ఎంపిక చేసి పెంచిన రకానికి గెడ అక్కర్లేదు. బోదె పొట్టి, లావు, మొండి. అందుకే ఆ మడిలో ఒక్క గెడ కూడా పెట్టనిచ్చేది కాదు. పోయిన నెల గాలివానకి చుట్టుపక్కల తోటలు చాప చుట్టేసినా అవి నిలబడే ఉన్నాయి. కమిటీకి చూపించడానికి సరిగ్గా ఈ వారానికి గెలలు నిండుగా తయారైనవి ఓ ఎనిమిది చెట్లు.

స్కూటీ మీద కేంద్రం దగ్గరికి వస్తుండగా గేటు కనపడింది. అటు నాలుగు, ఇటు నాలుగు, గెలలతో సహా అరటిచెట్లు కట్టారు. మధ్యలో మామిడాకుల తోరణం. "ఎవరి తోటలోవో గానీ గెలలు భలే ఉన్నాయి" అని ముచ్చటపడింది కూడా. దగ్గరికి వచ్చి స్కూటీ ఆపాక, బోదెల మీద తను స్వయంగా వేసిన నీలం పెయింటు గీతలు కనిపించాయి.

 దిగి ఒక్కో గీతా లెక్కపెట్టింది. ఎనిమిదీ తనవే.

"చిట్టియ్యా, ఈ చెట్లు ఎక్కడివి?"

చిట్టియ్య వాచ్‌మన్. పక్క ఊరివాడు, ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. పొద్దున్నే చేసిన పనికి మెప్పు వస్తుందని అక్కడే నిలబడి ఉన్నాడు.

"వెనకతోటలోయండి. ఢిల్లీ నుంచి పెద్దోళ్లు వత్తన్నారు, గేటుకి గెలలున్న చెట్లు కట్టించమని రాత్రి అయ్యగారు సెప్పారండి."

"తోటలో ఇన్ని చెట్లుంటే ఇవే దొరికాయా?"

"మిగతా చెట్లన్నిటికీ గెడలున్నాయండి. గెడ కట్టారంటే ఎవరో పెంచుకుంటున్న చెట్టేనండి, దాని మీద కత్తెయ్యకూడదు. ఇయ్యేమో దిక్కూమొక్కూ లేకుండా ఉన్నాయి. ఒక్కరంటే ఒక్కరు గెడ పెట్టిన పాపాన పోలేదు. పనికిరానివి కదా అని కొట్టేశానండి."

తబితకి అతని మీద కోపం తెచ్చుకోవాలని ఉంది గానీ రాలేదు. ఈ గడ్డ మీద పుట్టిన ఎవరైనా అలాగే అనుకుంటారు. గెడ లేకపోవడమే ఆ చెట్ల గొప్ప. ఆ గొప్పే వాటి మెడ మీదికి కత్తి తెచ్చింది.

ఈలోగా కేంద్రం అధిపతి రామచంద్రమూర్తిగారు మెట్లు దిగి వచ్చాడు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, పట్టుపంచె కట్టాడు. అతిథులంటే ఆయనకి ప్రాణం. వచ్చేవాళ్లు పరీక్ష పెట్టడానికి వస్తున్నా సరే, ఆయన లెక్కలో వాళ్లు మగపెళ్లివారే. తబిత సంగతి చెప్పగానే మొహం మాడిపోయింది. వెంటనే ఫోను మోగింది. కమిటీ అనుకున్నదానికంటే ముందే మధురపూడిలో విమానం దిగి, కారెక్కి, జొన్నాడ బ్రిడ్జి దాటేసింది.

"కంగారు పడకమ్మా," అన్నాడు రామచంద్రమూర్తి కంగారుగా. "ఉన్నపళంగా తీసుకెళ్లి మళ్లీ పాతేద్దాం."

"నరికిన చెట్లు పాతడమేంటి సార్? అబద్ధం కదా?"

"అబద్ధం ఎలా అవుతుందమ్మా? చెట్లు నీవే, మడి నీదే. మధ్యలో ఓ రెండు గంటలు అలా గేటు దాకా వెళ్లొచ్చాయంతే."

తబితకి సిగ్గేసింది. అయినా నెలాఖరు గుర్తొచ్చి గడ్డపార తేవడానికి వెళ్లింది.

చిట్టియ్య చెట్లు విప్పి తోపుడు బండికెత్తాడు. "దారిలో ఎవరైనా అడిగితే పెళ్లికని చెప్పు, ఇంకేం మాట్లాడకు," అని రామచంద్రమూర్తి హెచ్చరించాడు. వెనకతోటకి గట్టు మీద ఒకటే దారి, బండి పడితే ఇంకేదీ పట్టదు. సగం దూరం వెళ్లేసరికి, గేటు గుర్తుపట్టక ముందుకొచ్చేసిన ఒక తెల్ల కారు బండి వెనక ఆగింది. అద్దం దించి ఒక కళ్లజోడాయన తల బయట పెట్టాడు. కమిటీలో సభ్యుడు, పేరు మణిశంకర్.

"ఎక్కడికయ్యా ఇవన్నీ?"

"పెళ్లికండి."

"ఎవరి పెళ్లి?"

ఈ ప్రశ్నకి జవాబు చిట్టియ్యకి ఎవరూ నేర్పలేదు. పొద్దుట్నుంచీ అతని బుర్రలో తిరుగుతున్న పేరు ఒక్కటే.

"మా తబితమ్మగారిదండి."

"ఈవిణ్ణే కదండీ మనం ఇంటర్వ్యూ చేయాల్సింది?" అన్నాడు మణిశంకర్, కారులో పక్కనున్నావిడతో. ఆవిడ డాక్టర్ సత్యవాణి, కమిటీకి చైర్‌పర్సన్. ఆవిడ బండిలోని బోదెల మీద నీలం గీతల్ని మాత్రం చూస్తూ కూర్చుంది.

కారు వెనక్కి వచ్చి ఆఫీసు దగ్గర ఆగగానే మణిశంకర్ దిగి, "పెళ్లి హడావిడిలో మేమొచ్చి ఇబ్బంది పెట్టాం," అన్నాడు. పెళ్లి అన్న మాట పుట్టించింది తనే కాబట్టి రామచంద్రమూర్తికి కాదనే వీలు లేకపోయింది. "అబ్బే, ఇబ్బందేముందండి, శుభకార్యం," అని లోపలికి తీసుకెళ్లి కొబ్బరిబొండాలు, ఆ తర్వాత కాఫీ, ఆ తర్వాత పెసరట్టు ఉప్మా పెట్టించాడు. వెనకతోటలో పాతడం పూర్తయ్యేదాకా ఆయన వడ్డన ఆపే ఉద్దేశంలో లేడు.

అక్కడ తబిత, చిట్టియ్య గోతులు తీసి చెట్లు దించుతుంటే, అవి వరసగా పక్కకి ఒరుగుతున్నాయి. వేరు లేని చెట్టు గెల బరువుకి ఎలా నిలుస్తుంది? చివరికి గెడలు అక్కర్లేని రకానికి ఒక్కో చెట్టుకి రెండేసి గెడలు కట్టాల్సి వచ్చింది. తబిత ఆ గెడల మీద ఎండాకులు కప్పుతూ, ఇంత చదివిన చదువు, ఐదేళ్లు చేసిన పని ఇందుకా అని తనలో తను తిట్టుకుంది.

అదే సమయానికి ఆమె భర్త విజయ్ పాల్ ఆఫీసుకి వచ్చాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. కమిటీ వాళ్లకి భోజనంలోకి ఇంటి నుంచి కోడిపులావు క్యారియరు తెచ్చాడు. వరండాలో చేయి కడుక్కుంటున్న మణిశంకర్ ఆయన్ని చూసి, "తబితగారి తాలూకా?" అని అడిగి, అవుననగానే చేయి పట్టుకుని ఊపేశాడు.

"కంగ్రాచులేషన్సండి."

విజయ్ పాల్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. కమిటీ సభ్యుడే స్వయంగా కంగ్రాచులేషన్స్ చెప్పాక ఇంకేం కావాలి?

"చాలా థాంక్సండి. ఐదేళ్లండి. ఇన్నాళ్లూ కాంట్రాక్టు మీదే నడిచింది. ఏడాదికోసారి రెన్యూవల్ వస్తుందో రాదోనని మా అమ్మకి నిద్ర ఉండేది కాదు. ఇప్పటికి పర్మనెంటు అయింది."

మణిశంకర్ చేయి ఊపడం ఆపాడు. "ఐదేళ్లూ కాంట్రాక్టు మీదా?"

"ఆయ్. నచ్చకపోతే ఏ ఏడాదికా ఏడాది పంపించేయొచ్చండి."

"మరి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోక ఏం చేస్తారండి? ఇప్పుడు అందరూ ఇలాగే తీసుకుంటున్నారు."

మణిశంకర్ ఉద్యోగరీత్యా చాలా రాష్ట్రాలు తిరిగాడు, రకరకాల ఆచారాలు చూశాడు. గోదావరి జిల్లాలు ఇంత ముందుకు వెళ్లాయని మాత్రం ఊహించలేదు. విజయ్ పాల్ పక్కకి వెళ్లి తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, అయిపోయింది," అన్నాడు.

కమిటీ వెనకతోటకి బయలుదేరింది. తబిత ఆ చెట్ల ముందు నిలబడి కాగితాలు చేతిలో పట్టుకుంది గానీ కళ్లు గెడల మీదే ఉన్నాయి. రెండు మాటలు చెప్పిందో లేదో గట్టు మీద ఆటో ఆగింది. అందులోంచి అత్తగారు సూరమ్మ చేతిలో బంతిపూల దండతో, ఆవిడ వెనకే పాస్టరు ఐజాక్‌గారు బైబిలుతో దిగారు. సూరమ్మ తిన్నగా వచ్చి కోడలి మెడలో దండ వేసి, కొడుకుని లాగి పక్కన నిలబెట్టింది.

"అత్తయ్యా, ఇంకా ఏమీ అవలేదు," అంది తబిత గొంతు తగ్గించి.

"ఊరుకో అమ్మాయ్, అబ్బాయి చెప్పాడు. పాస్టరుగారూ, మీరు ప్రార్థన చెయ్యండి."

ఐజాక్‌గారు కళ్లు మూసుకుని, ఈ బిడ్డను స్థిరపరచినందుకు స్తోత్రాలు చెప్పడం మొదలుపెట్టాడు. అందరూ తలలు వంచారు. పెళ్లి మొదలైందనుకుని మణిశంకర్ అందరికంటే భక్తిగా కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన మంచి ఊపులో ఉండగా ఒక గెడ మెల్లగా జారింది. మొదటి చెట్టు రెండోదాని మీద ఒరిగింది, రెండోది మూడోదాని మీద. రామచంద్రమూర్తి పట్టుపంచె ఎగ్గట్టి పక్కకి గెంతాడు. కళ్లు తెరిచేసరికి ఆ ఎనిమిదింటిలో ఒక్క చెట్టూ నిలువుగా లేదు.

 అప్పటిదాకా నోరు విప్పని సత్యవాణి అప్పుడు అడిగింది.

"గెడ లేకుండా నిలబడే రకమని రాశారు కదమ్మా. గెడలుండగా పడిందేంటి?"

"గాలి వీచిందండి," అన్నాడు రామచంద్రమూర్తి. ఆకు కూడా కదలడం లేదు.

తబిత మెడలో దండ తీసి అత్తగారి చేతికిచ్చింది. ఉద్యోగం పోయిందని ఆమెకి ఖాయంగా తెలిసిపోయింది. చిత్రంగా, అది తెలియగానే భయం పోయింది.

"గాలి కాదండి. ఇవి వేళ్లున్న చెట్లు కావు. పొద్దున గేటుకి కట్టడానికి పొరపాటున నరికేశారు. మీకు చూపించడానికి ఇంకేమీ లేక మళ్లీ పాతాం. నేను వద్దనాల్సింది, భయపడి అనలేదు."

"ఎవరు నరికారు?"

చిట్టియ్య ముందుకొచ్చాడు. "నేనేనండి. ఆ అమ్మగారి తప్పేం లేదండి."

"ఇవే ఎందుకు నరికావు?"

"గెడల్లేవు కదండి, ఎవరికీ అక్కర్లేనివి అనుకున్నాను. నేను ఇందులో చేరకముందు రోజూ ఈ గట్టు మీద నుంచే పోయేవాణ్ణండి. మొన్న గాలివానప్పుడు మా ఊళ్లో గెడలున్న తోటలన్నీ పడిపోయినాయి. అప్పుడు కూడా ఈటికి ఎవరూ గెడలు పెట్టలేదండి. ఇయ్యి పడనూ లేదు. పనికిరాని చెట్లకి ఆయుష్షు ఎక్కువని నవ్వుకునేవాళ్లమండి."

సత్యవాణి మడిలోకి దిగింది. నరికిన మొదళ్ల దగ్గర వంగి, దుంపని పట్టి ఊపి చూసింది. కదల్లేదు. పక్కనే పిలకలు పచ్చగా లేచి ఉన్నాయి. చేతికంటిన మట్టి దులుపుకుంటూ పైకొచ్చింది.

"ఈ గీతలు దారిలోనే చూశానమ్మా. మీరు చెబుతారా లేదా అని ఊరుకున్నాను. ఇంకొంచెం ముందు చెప్పి ఉంటే ఆ పెసరట్లు తప్పేవి," అంది. "ఐదేళ్ల లెక్కలూ చదివాను. తన పంట గొప్పదని ఏ సైంటిస్టైనా రాసుకుంటాడు. ఆ చెట్లు పనికిరావనుకునే మనిషే అవి గాలివానకి పడలేదని చెబుతున్నాడు. ఇలాంటి సాక్ష్యం మాకెక్కడా దొరకదు. మణిశంకర్‌గారూ, అతను చెప్పింది చెప్పినట్టు రిపోర్టులో రాయండి. మన నిర్ణయం కూడా అందులోనే రాసేద్దాం."

ఆ నిర్ణయం ఏమిటో ఆవిడ మొహం చూసి తబితకి అర్థమైంది. నిలబడిన చోటే ఏడ్చేసింది. సూరమ్మ దండ మళ్లీ వేసింది.

"మరి పెళ్లి?" అన్నాడు మణిశంకర్ కలం తీస్తూ.

"ఎవరి పెళ్లండి?" అంది సూరమ్మ. "ఈళ్లబ్బాయి ఒకటో క్లాసు."

నెల తిరక్కుండానే ఆర్డరు వచ్చింది, తబిత పర్మనెంటు అయింది. మరో రెండు నెలలకి రామచంద్రమూర్తిగారు రిటైరయ్యాడు. శాలువా కప్పించుకుని, పోతూ పోతూ కేంద్రం ఇన్‌ఛార్జి బాధ్యతలు తబితకే అప్పగించి వెళ్లాడు. పదిహేను రోజులు ఇంట్లో కూర్చున్నాక తోచక, సలహాదారు పోస్టుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. వచ్చింది. ఏడాది కాంట్రాక్టు, రెన్యూవల్ ఇన్‌ఛార్జి అధికారి అభిప్రాయం మీద.

ఆయన చేరాల్సిన రోజు పొద్దున తబిత కొంచెం ముందుగానే వచ్చింది. ఆఫీసు తాళం ఇంకా తీయలేదు. మెట్ల మీద కూర్చున్న రామచంద్రమూర్తిగారు గబగబా లేచి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నాడు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు పర్మనెంటు సర్వీసు చేసిన ఆయన, అతిథులెవరూ లేని రోజున టైముకి ఆఫీసుకి రావడం అదే మొదటిసారి.