చక్రాలు లేని బండికి పూజ

మంగళవారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఏడింటికల్లా వర్క్‌షాప్‌కు చేరి, ఎవరూ రాకముందే బండికి పూజ చేసేసి, ఏమీ ఎరగనట్టు తన బల్ల దగ్గర కూర్చోవాలన్నది ఆంజనేయప్రసాద్ వేసుకున్న ప్లాన్. అది 2003 మార్చి నెల. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో సన్నగా వాన పడుతోంది.

బండి అంటే కారు కాదు. కొండల మీద మంచులో నడిచే స్నోమొబైల్. మోటార్‌సైకిల్‌కు ముందు చక్రం బదులు మంచు మీద జారే రెండు పొడుగాటి స్కీలు, వెనక చక్రం బదులు ఒక వెడల్పాటి రబ్బరు పట్టా పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ప్రసాద్ పనిచేసే చిన్న డిజైన్ కంపెనీ ఒక నార్వే కంపెనీ కోసం దాన్ని కొత్తగా మార్చింది. హ్యాండిల్ ముందుకు జరిగింది. సీటు సన్నబడింది. బరువు తొమ్మిది కిలోలు తగ్గింది. అందులో రెండు కిలోలు ప్రసాద్ తగ్గించినవే. ఇంజిన్ వేడిని చల్లార్చే కూలర్ పలక సీటు కింద, పట్టాకు పైన ఉంటుంది. దాన్ని అతను పొట్టిగా, పలచగా చేశాడు.

ఆ రోజు పది గంటలకు నార్వే నుంచి ఆర్నే అనే టెస్ట్ రైడర్ వస్తాడు. బండిని మొదటిసారి చూసి, మార్పుల మీద తనకు కలిగిన అభిప్రాయం రాసి ఇస్తాడు. ప్రసాద్ కాంట్రాక్టు శుక్రవారంతో ముగుస్తుంది. ఆర్నే మెచ్చుకుంటే పొడిగిస్తారని అతని ఆశ. లేకపోతే వర్క్ పర్మిట్ కూడా పోతుంది, సామాను సర్దుకోవాలి.

"చక్రాలెన్నండీ?" నిమ్మకాయలు చేత్తో పట్టుకుని అడిగింది భార్య ప్రభావతి.

"చక్రాల్లేవు."

"బండన్నారుగా?"

"బండే. దొర్లదు, జారుతుంది."

ప్రభావతి కాసేపు నిమ్మకాయల వంక చూసి వాటిని ఫ్రిజ్‌లో పెట్టేసింది. "జారే బండైతే మరీ జాగ్రత్తగా చెయ్యాలి. కొబ్బరికాయ కొట్టెయ్యండి. బొట్టు మాత్రం ఆ దొరల కంట పడకుండా ఎక్కడో లోపల పెట్టండి. కుంకం వద్దులెండి, పసుపు చాలు."

మనుషులకు తెలియకుండా దాచి చేసేదాన్ని దేవుడు పూజ కింద జమకడతాడా, దొంగతనం కింద జమకడతాడా అని దారి పొడుగునా ఆలోచించాడు ప్రసాద్. తేలలేదు.

వర్క్‌షాప్ గోడ మీద పెద్ద బోర్డు ఉంది: బండి దగ్గరకు తిండి, పానీయాలు తేకూడదు. ప్రసాద్ దానికి వీపు తిప్పి, స్టాండు మీదున్న బండి కిందికి వంగి, కూలర్ పలకకు పసుపు రాశాడు. కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలచుకున్నాడు. స్టాండు ఇనపకాలుకేసి కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క దెబ్బకే పగిలింది. నీళ్ళు మాత్రం కింద పడకుండా పైకి చిమ్మి, పసుపు రాసిన చోటే పడ్డాయి. తుడవడానికి జేబురుమాలు తీసేలోగా తలుపు చప్పుడైంది. చిప్పలు రెండూ సంచిలో కూరేశాడు.

వచ్చింది రాన్. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఫిట్టర్ పని చేస్తున్నాడు, జూన్‌లో రిటైరవుతాడు. లైట్లు వేసి, అలవాటుగా బండి కిందికి తొంగి చూశాడు. పసుపుపచ్చటి బొట్లు ఒకటొకటిగా రాలుతున్నాయి. ఇంజిన్ చల్లబడడానికి ఆ బండిలో పోసిన కూలంట్ ద్రవం కూడా పసుపుపచ్చటిదే. రాన్ ఒక బొట్టు వేలితో తీసి నాలుక్కి రాసుకున్నాడు.

"తియ్యగా ఉంది. కూలంటే," అన్నాడు.

కూలంట్ తియ్యగా ఉంటుందని పాత ఫిట్టర్లందరికీ తెలుసు. అది విషమనీ, నోట పెట్టకూడదనీ కూడా తెలుసు. రాన్ రెండో సంగతి మరిచిపోయాడు.

ప్రసాద్ నోరు తెరిచేలోపే రాన్ మేనేజర్ మార్గరెట్‌కు ఫోన్ చేశాడు. ఆమె ఎనిమిదింటికి వచ్చింది. ఎనిమిదిన్నరకు సీటు ఊడింది. తొమ్మిదింటికి పట్టా ఊడింది. ప్రతిసారీ ప్రసాద్ ఇప్పుడు చెబుదామనుకున్నాడు. ప్రతిసారీ చెప్పాల్సిన సంగతి ఇంకొంచెం పెద్దదైంది. పదింటికి ఆర్నే వచ్చేసరికి అతను చూడాల్సిన బండి నేల మీద దుప్పట్ల పైన నలభై ముక్కలుగా పరిచి ఉంది. ఆర్నే దాని చుట్టూ ఒకసారి తిరిగి, పుస్తకం తీసి, మొదటి అభిప్రాయం అన్న చోట ఏదో రాసుకున్నాడు. చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పైపుల జాయింట్లు ఎవరు బిగించారని మార్గరెట్ మెల్లగా అడిగింది.

"నేనే," అన్నాడు రాన్. కూలర్ పలకను నీళ్ళ తొట్టి దగ్గరికి మోసుకుపోతూ ఆగి, తన చేతుల వంక చూసుకున్నాడు. "ఇన్నేళ్ళలో నేను బిగించింది కారలేదు. చేతులు మునుపట్లా లేవేమో."

ప్రసాద్ తన సంచి అందుకున్నాడు.

"రాన్ తప్పేం లేదు. అది కొబ్బరి నీళ్ళు," అన్నాడు.

తరవాత అంతా చెప్పేశాడు. సంచి తెరిచి చిప్పలు కూడా చూపించాడు. మార్గరెట్ చిప్పల వంకా, దుప్పట్ల వంకా మార్చిమార్చి చూసింది. ఆర్నే తన పుస్తకం మళ్ళీ తెరిచాడు.

"మీ దేశంలో బండ్లన్నిటికీ ఇలా చేస్తారా?"

"కొత్తవాటికి."

"పాతవాటికి?"

"దసరాకి."

ఆర్నే అదీ రాసుకున్నాడు.

"మరి ఇదేమిటి?" అన్నాడు తొట్టి దగ్గర్నుంచి రాన్.

ఎలాగూ విప్పాం కదా, బిగించే ముందు పరీక్షిద్దామని అతను పలకను నీళ్ళలో ముంచి గాలి కొడుతున్నాడు. జాయింట్ల దగ్గర ఒక్క బుడగ లేదు. పలక మూల నుంచి మాత్రం సన్నగా, వరసగా బుడగలొస్తున్నాయి. వెంట్రుకంత పగులు. సరిగ్గా ప్రసాద్ ఒక మిల్లీమీటరు పలచన చేసిన చోటే.

రాన్ తన చేతుల్ని మళ్ళీ ఒకసారి చూసుకుని, తృప్తిగా జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇలాంటి పగులు కొండ మీద బయటపడితే నడుముల్లోతు మంచులో ఇరవై కిలోమీటర్లు నడవాలని, నడిచినవాళ్ళందరూ ఇల్లు చేరలేదని ఆర్నే చెప్పాడు. రాన్‌తో చేయి కలిపి, తరవాత ప్రసాద్‌తోనూ కలిపాడు. అది కొబ్బరికాయ కొట్టినందుకో, నిజం చెప్పినందుకో, పలక పలచన చేసినందుకో ప్రసాద్‌కు తెలియలేదు, అడగలేదు. ఆర్నే ఇచ్చిన కాగితంలో హ్యాండిల్ బాగుంది, సీటు బాగుంది, కూలర్ మళ్ళీ చేయాలి అని ఉంది.

సాయంత్రం మార్గరెట్ పిలిచింది. ప్రసాద్ బోర్డు సంగతికి క్షమాపణ మనసులో వల్లించుకుంటూ వెళ్ళాడు. ఆమె బోర్డు వైపు వేలు చూపించి, ఇంకోసారి వద్దని చెప్పి, ఒక కాగితం ముందుకు జరిపింది. కాంట్రాక్టు జూలై ఆఖరు దాకా పొడిగించారు. ఈ రోజు అన్నీ సరిగ్గా ఉంటే డిజైన్ పని శుక్రవారంతో మూసేసేవాళ్ళమని, ఇప్పుడా కూలర్‌ను దాని లెక్కలు తెలిసినవాడే తిరిగి చేయాలని ఆమె అంది.

ఇంట్లో ప్రభావతి తలుపు తీస్తూనే అడిగింది. "పూజ సవ్యంగా జరిగిందా?"

"జరిగింది. జూలై దాకా పొడిగించారు."

ఆమె దేవుడి దగ్గర దీపం పెట్టడానికి వెళ్ళింది. పని సరిగ్గా చేసి ఉంటే ఉద్యోగం పోయేదన్న ముక్క మాత్రం ప్రసాద్ ఆమెకు చెప్పలేదు.