ఒక కాలు కావలెను

శనివారం పొద్దున కాఫీ తాగుతూ నార్బర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం లోపల కారు బ్రేకుల్లోంచి గాలి తీసేయాలి. తర్వాత కారు బయటికి తీసి వీధి మలుపు దాకా ఒకసారి వెళ్ళి రావాలి. ఏళ్ళ తరబడి గ్యారేజీలో విప్పి, తోమి, అతుకులేసి, రంగు వేసి నిలబెట్టిన కారు అది. పంతొమ్మిది వందల డెబ్భైలో తయారైన డాడ్జ్ చాలెంజర్. సగం కారు ఇంజనే. మిగతా సగం ఆ ఇంజను ఒంటరిగా వెళ్తే బాగుండదని మొహమాటానికి తగిలించినట్టు ఉంటుంది. డెట్రాయిట్ పక్కనున్న వ్యాండాట్‌లో అరవై దాటిన మగవాళ్ళలో సగం మంది గ్యారేజీల్లో ఇలాంటి కారు ఒకటి ఉంటుంది. మిగతావాళ్ళకు అమ్ముకున్నామే అన్న బాధ ఉంటుంది.

ఆ ఇంట్లో నార్బర్ట్ పలకరించడానికి కారు తప్ప ఎవరూ లేరు. భార్య ఐరీన్ ఒక చలికాలంలో ఫ్లోరిడాలోని అక్క దగ్గరికి వెళ్ళింది. అక్కడి ఎండ బాగుందని, వసంతంలో వస్తానని చెప్పింది. ఎన్నో వసంతాలు వచ్చి వెళ్ళాయి గాని ఆవిడకు ఎండ మీద మోజు తీరలేదు. ఏటా క్రిస్మస్‌కు ఒక పెట్టె నారింజ పండ్లు పంపుతుంది. నార్బర్ట్ వాటిని రోజుకొకటి చొప్పున వంటింట్లో నిలబడి తింటాడు.

బ్రేకుల్లో గాలి తీయడం పెద్ద విద్యేమీ కాదు. ఒకడు లోపల కూర్చుని పెడల్ నొక్కి పట్టుకోవాలి. ఇంకొకడు కారు కిందికి దూరి చక్రం దగ్గరున్న చిన్న మర వదులు చేయాలి. నూనెతో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. మర బిగించాక పైవాడు కాలు తీయాలి. లోపల గాలి ఉన్నంతసేపు పెడల్ మెత్తగా దిగబడుతుంది. గాలంతా పోయిందంటే రాయిలా నిలబడుతుంది. ఆ సంగతి కింద పడుకున్నవాడి కంటే ముందు పైన కూర్చున్నవాడి కాలికే తెలుస్తుంది. అంత పెద్ద ఇంజనునూ ఒక్కడే దింపి ఒక్కడే ఎక్కించిన నార్బర్ట్‌కు ఇక్కడే చిక్కొచ్చింది. అతను కారు కిందికి వెళ్తే అతని కాళ్ళు రెండూ అతనితోపాటే వస్తాయి.

ఒకప్పుడు ఆ పెడల్ మీద కాలు కాజ్‌ది. అసలు పేరు కాసిమీర్. ఇద్దరూ ఒకే కార్ల ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఈ కారు తుక్కుగా వచ్చిన రోజు నుంచి ప్రతి శనివారం కాజ్ వచ్చేవాడు. గొడవ రంగు దగ్గర వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఆ కారుది గోధుమరంగు, అదీ వాన వెలిసిన రోడ్డు మీది బురద లాంటి గోధుమరంగు. నార్బర్ట్ ఎర్ర రంగు వేద్దామన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఏది వేస్తే అదే దాని రంగని కాజ్ పట్టుబట్టాడు. "నీ పేరు నాకూ నచ్చలేదు. మారుస్తున్నానా?" అని కూడా అన్నాడు. మాటామాటా పెరిగింది. ఇది నా కారు, ఇది నా గ్యారేజీ అని నార్బర్ట్ అనేశాడు. కాజ్ చేతులు నిదానంగా తుడుచుకుని, గుడ్డ మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఆరేళ్ళయింది. కాజ్ ఉండేది పక్క ఊళ్ళోనే. నార్బర్ట్ అప్పుడప్పుడూ ఫోను చేతిలోకి తీసుకుంటాడు, మోగకముందే పెట్టేస్తాడు. పిలిస్తే రానంటాడేమోనని అతని భయం. రానని అనిపించుకోవడం కంటే, రాడులే అనుకుని ఊరుకోవడం తేలిక. ఎదురింటి డోలరెస్ గారిని అడగొచ్చు. ఆవిడ కాదనదు. కాని ఒక మనిషి కాలు కాసేపు అప్పు ఇమ్మని అడగడంలోనే తనకెవరూ లేరన్న సంగతి బయటపడిపోతుందని నార్బర్ట్‌కు అనిపించింది.

అందుకని కాలి బదులు ఒక హాకీ కర్ర వాడదలచుకున్నాడు. పెడల్ నొక్కి, కర్ర ఒక కొన పెడల్ మీద, రెండో కొన సీటు అంచుకు ఆనేలా బిగించాడు. కింద దూరాడు, మర తిప్పాడు, పైకొచ్చి కర్ర తీశాడు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ దూరాడు. మోకాళ్ళు మొర పెట్టుకుంటున్నా పని సాగుతున్నట్టే ఉంది. మూడోసారో నాలుగోసారో కింద ఉండగా పైన కర్ర జారింది. జారిన కర్ర ఊరికే పడిపోకుండా స్టీరింగుకూ సీటుకూ మధ్య ఇరుక్కుని హారను నొక్కి పట్టుకుంది. మధ్యాహ్నం షికారు కోసమని బ్యాటరీ ఆ పొద్దునే తగిలించి పెట్టాడు. ఏళ్ళ తరబడి మూగగా ఉన్న హారను ఆ బాకీ అంతా ఒకేసారి తీర్చుకోవడం మొదలుపెట్టింది.

నార్బర్ట్ ఉలిక్కిపడి లేవబోయాడు. నుదురు ఇరుసుకు కొట్టుకుంది. పక్కకు జరగబోతే పనిలో తొడుక్కునే ఓవరాల్ చెయ్యి కారును నిలబెట్టిన స్టాండుకు చిక్కుకుంది. విదిలించుకోబోతే కాలు తగిలి, పక్కన పట్టిపెట్టిన గేర్‌బాక్స్ నూనె పళ్ళెం బోర్లా పడింది. ఆ నూనె ఎర్రగా ఉంటుంది. ఈ సంగతి వీధిలో మగవాళ్ళందరికీ తెలుసు, డోలరెస్ గారికి తెలియదు. ఆవిడ కిటికీ పరదా ఎప్పుడూ బెత్తెడు తెరిచే ఉంటుంది. ఆ సందులోంచి ఆవిడకు ఆగకుండా మోగే హారను వినిపించింది, కారు కింద కొట్టుకుంటున్న రెండు కాళ్ళు కనిపించాయి, వాటి చుట్టూ ఎర్రటి మడుగు వాకిలి వైపు పాకుతోంది. నార్బర్ట్ అరిచాడు గాని ఆ హారను ముందు అతని గొంతు ఏపాటిది? ఆవిడ శిలువ గుర్తు వేసుకుని ఎమర్జెన్సీకి ఫోను చేసింది.

ఫైరింజను స్టేషను రెండు వీధుల అవతలే. వచ్చినవాళ్ళు ముందు హారను తీగ కత్తిరించారు, తర్వాత నార్బర్ట్‌ను కాళ్ళు పట్టి బయటికి లాగారు. అతనికి ప్రాణం మీద బెంగ లేదు. ఆ తీగ సొంత చేతులతో వారం రోజులు కూర్చుని సర్దిన తీగ. కోపం వచ్చింది. వాళ్ళు రక్తపోటు చూసే మిషను చేతికి చుట్టారు. కోపం పెరిగిన కొద్దీ మిషనులో అంకె పెరిగింది. అంకె పెరిగిన కొద్దీ వాళ్ళు స్ట్రెచరు పట్టీలు బిగించారు. పట్టీలు బిగించిన కొద్దీ అతనికి కోపం పెరిగింది.

"పెద్దాయనా, ఈ అంకెతో మిమ్మల్ని వదిలేసి వెళ్తే మా ఉద్యోగాలు పోతాయి" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"సరే పదండి. ఆ సైరన్ మాత్రం వేయొద్దు. ఇప్పటిదాకా అయిన గోల చాలు" అన్నాడు నార్బర్ట్.

వాళ్ళు మంచివాళ్ళు. సైరన్ వేయలేదు, లైట్లు కూడా ఆర్పేసి మెల్లగా వెళ్ళారు. వీధివాళ్ళంతా గడ్డి మీదికి వచ్చి నిలబడి ఉన్నారు. ఆంబులెన్సు గోల చేస్తూ పరుగెత్తితే లోపలి మనిషికి ఆశ ఉందని, చప్పుడు లేకుండా నిదానంగా పోతే ఇక తొందరపడాల్సిన పని లేదని వాళ్ళకు తెలుసు. ఇద్దరు ముగ్గురు టోపీలు తీశారు.

డోలరెస్ గారు గ్యారేజీకి కాపలా కూర్చుని, నార్బర్ట్ ఆత్మశాంతికి ప్రార్థించమని వీధివాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో రాసింది. కింద గ్యారేజీ ఫోటో పెట్టింది. ఫోటోలో కాస్త ఎర్రటి నేల ఉంది, మిగతాదంతా కారు. ప్రార్థన చేసేవాళ్ళు నేలను చూశారు, కార్ల పిచ్చివాళ్ళు కారును చూశారు.

ఆసుపత్రిలో నార్బర్ట్‌ను ఎవరూ పలకరించకుండా ఒక గదిలో పడుకోబెట్టారు. అది అతనికి బాగా అలవాటైన వైద్యం కావడంతో అంకె దానంతటదే దిగింది. నుదుటికి పట్టీ వేసి పంపించేశారు. చిరిగిన ఓవరాల్ కత్తిరించి పారేశారు కనుక, ఎవరో వదిలేసి వెళ్ళిన పూల స్వెటర్ ఒకటి ఇచ్చారు. టాక్సీ దిగేసరికి అతని ఇంటి ముందు కార్లు పెట్టుకోవడానికి చోటు లేదు.

గ్యారేజీ నిండా జనం. పని బల్ల మీద పానాలూ రెంచీలూ పక్కకు నెట్టి, చర్చి ఆడవాళ్ళు చావింటికని తెచ్చిన వంటలు పేర్చారు. బంగాళాదుంపల కాసరోల్, మాంసం కూరిన క్యాబేజీ పొట్లాలు, కజ్జికాయల్లాంటివి వెన్నలో వేయించిన పియెరోగీలు. కారు చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మగవాళ్ళు వంగి, పడుకుని, టార్చిలైట్లు వేసి చూస్తున్నారు. పూల స్వెటర్ మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. బానెట్ దగ్గరున్న ఒకాయన వెనక్కి తిరగకుండానే కాస్త పట్టుకోండంటూ అతని చేతిలో టార్చి పెట్టాడు. నార్బర్ట్ తన ఇంజనుకు తనే లైటు చూపిస్తూ నిలబడ్డాడు.

"ఇంజను నంబరు, బాడీ నంబరు అన్నీ కలిశాయి. ఒక్క బోల్టు కూడా మార్చలేదు మహానుభావుడు" అన్నాడాయన.

"మనిషి ఎలాంటివాడట?" అని అడిగాడు నార్బర్ట్.

ఆయన ఇంజను మీదికి ఇంకాస్త వంగాడు. "తెలియదండీ. వెల్డింగు మాత్రం బంగారం."

బల్ల దగ్గర ఆడవాళ్ళు కూడా అతని గురించే మాట్లాడుకోవాలని చూస్తున్నారు. పాపం, నెమ్మదస్తుడని ఒకావిడ అంది. అవును, నెమ్మదస్తుడని రెండో ఆవిడ అంది. ఇంకెవరైనా ఇంకేమైనా అంటారని నార్బర్ట్ టార్చి పట్టుకుని ఎదురుచూశాడు. సంభాషణ క్యాబేజీ పొట్లాల మీదికి మళ్ళింది. తను పోయిన రోజు కూడా తన మాట రెండో వాక్యం దాటలేదు. అతను టార్చి ఆర్పి, బల్ల వైపు తిరిగాడు.

అప్పుడు డోలరెస్ గారు చూసింది. ఆవిడ అరవలేదు. నుదుటి పట్టీని, పూల స్వెటర్‌ను, ముఖాన్ని వరసగా చూసి, చేతిలోని పళ్ళెం జాగ్రత్తగా కింద పెట్టింది.

"మీరు పోయారు కదండీ" అంది.

"వచ్చేశానండీ" అన్నాడు నార్బర్ట్, తప్పు చేసినవాడిలా.

"మరి ఇవన్నీ ఎవరు తినాలి?"

బతికున్న మనిషి ముందు ఎలా నిలబడాలో ఎవరికీ తోచలేదు. సోమవారం చర్చిలో నిజం అంత్యక్రియలు ఒకటి ఉన్నాయని గుర్తొచ్చి ఒకావిడ తన కాసరోల్ తను తీసుకుంది. అది చూసి ఇంకో ఇద్దరు కూడా తీసుకున్నారు. టార్చి ఆయన టార్చి వెనక్కి తీసుకుని, తన ఫోను నంబరు వైపర్ కింద దోపి, కారు అమ్మకానికి తొందరేం లేదండీ అని చెప్పి వెళ్ళాడు. అందరికంటే చివర కదిలిన డోలరెస్ గారు, తనేమైనా సాయం చేయగలదా అని అడిగింది.

ఒక కాలు కావాలండీ అన్న మాట నార్బర్ట్ నాలుక చివరి దాకా వచ్చింది. "ఏం లేదండీ. నేను చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. పొద్దున ఒక్క కాలు లేక ఇంత జరిగితే, గ్యారేజీ నిండా వచ్చిన కాళ్ళన్నీ అతను చూస్తుండగానే వాకిలి దాటి వెళ్ళిపోయాయి.

తలుపు దించబోతుంటే వీధిలో ఇంకా ఒక బండి కనిపించింది. పాత ట్రక్కు, వెనక కారు ఎక్కించే ఖాళీ ట్రెయిలర్. లోపల మనిషి స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నార్బర్ట్ దగ్గరికి వెళ్ళాడు. కాజ్ బాగా నెరిసిపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరూ అడగకముందే జలుబు చేసిందని చెప్పాడు.

"చచ్చిపోయావన్నారు" అన్నాడు కాజ్, అద్దం దించి.

"అన్నారు."

"ఒక ఫోను చేయకూడదట్రా?"

"ఏమని చేయను?"

"చచ్చిపోలేదని."

నార్బర్ట్ మాట మార్చాడు. ట్రెయిలర్ ఎందుకని అడిగాడు.

"నీ కోసం కాదులే. నువ్వు లేకపోతే ఈ రాబందులు దాన్ని పట్టుకుపోయి ఎర్ర రంగు పూస్తారని, నేనే తీసుకుపోదామని వచ్చాను" అంటూ కాజ్ బండి దిగాడు. ఇద్దరూ గ్యారేజీలోకి నడిచారు. కాజ్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించి రంగును నిమిరాడు.

"గోధుమరంగు వేశావు."

"ఎరుపు దొరకలేదు."

"డెట్రాయిట్‌లో ఎరుపు దొరకలేదా?"

"వెతకలేదు" అన్నాడు నార్బర్ట్.

కాజ్ కారు తలుపు తెరిచాడు. సీటు మీద ఇరుక్కున్న హాకీ కర్రను చూశాడు, దాని పని ఏమిటో అర్థమై తల అడ్డంగా ఊపాడు. కర్ర పీకి అవతల పడేసి, లోపల కూర్చుని, సీటు తనకు సరిపడా జరుపుకున్నాడు. నార్బర్ట్ పూల స్వెటర్‌తోనే కారు కిందికి దూరాడు. పెడల్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టారు. కింది నుంచి నొక్కమంటే పై నుంచి నొక్కానని, వదలమంటే వదిలానని. ఆరేళ్ళలో ఆ కారుకు పైనా కిందా నడిచిన మొదటి సంభాషణ అది. బుడగలు వచ్చాయి, తగ్గాయి. ఒక చక్రం తర్వాత ఒకటి అయింది. ఆఖరిది కూడా అయింది. సీసాలోకి దిగుతున్న నూనె తేటగా ఉంది, ఒక్క బుడగ లేదు.

నార్బర్ట్ మర బిగించి వెల్లకిలా పడుకుని ఉండిపోయాడు. అయిపోయిందంటే కాజ్ కాలు తీస్తాడు. కాలు తీస్తే చేతులు తుడుచుకుంటాడు. చేతులు తుడుచుకుంటే ఇంటికి వెళ్ళిపోతాడు.

"ఇంకా ఉందిరా గాలి" అన్నాడు కింది నుంచి.

కాజ్ కాలి కింద పెడల్ రాయిలా నిలబడి ఉంది. జీవితమంతా పెడల్స్ నొక్కిన మనిషి అతను.

"అవున్రా, మెత్తగానే ఉంది" అన్నాడు కాజ్. "నొక్కమంటావా?"

"నొక్కు."

ఆ సాయంత్రం రెండు డబ్బాల కొత్త నూనె ఖర్చుపెట్టి, ఇద్దరూ ఆ బ్రేకుల్లో లేని గాలినంతా తీశారు.