ఒకే ఫ్యాను సిద్ధాంతం

ఆ బుధవారం బాబూరావు చేయవలసిన పనులు మూడే. పొద్దున ఏడింటికి డ్యూటీకి వెళ్లి గనిలో గాలి కొలవడం ఒకటి. మూడింటికి పైకి వచ్చి, నాలుగూ ఇరవైకి రామగుండం స్టేషన్లో ఆగే రైల్లో ప్రయాణం చేస్తున్న ఫిజిక్సు ప్రొఫెసర్ వేణుమాధవ్ గారికి తన పుస్తకం అందించడం రెండు. అక్కణ్నించి తిన్నగా గోదావరిఖనికి వచ్చి, పక్క క్వార్టరు ముష్తాక్ కూతురు తస్లీమా నిశ్చితార్థానికి కాస్త ఆలస్యంగానైనా హాజరు వేయించుకోవడం మూడు. విశ్వంలోని బలాలన్నిటినీ ఒక్కటి చేసిన మనిషికి మూడు పనులు ఒక లెక్కలోవి కావు.

ఆ ఒక్కటి చేయడం గురించి కొంచెం చెప్పాలి. గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, పరమాణువు నడిబొడ్డున ఉండే మరో రెండు బలాలు, ఈ నాలుగింటినీ ఒకే సూత్రంలో ఇమిడ్చలేక పెద్ద పెద్దవాళ్లు ఇప్పటికీ తల పట్టుకుంటున్నారు. బీఎస్సీ ఫిజిక్సు సెకండు క్లాసులో పాసైన బాబూరావు మాత్రం ఇమిడ్చేశాడు. గనిలో ఒక సొరంగంలో గాలి ముఖాన కొడుతుంది, ఇంకోదాంట్లో వీపున తోస్తుంది, మరోచోట ఉందో లేదో తెలియదు. అన్నిటినీ లాగేది మాత్రం పైన తిరిగే ఒకే ఒక్క పెద్ద ఫ్యాను. విశ్వమూ అంతే అన్నాడాయన. ఆ ఫ్యాను ఎక్కడుంది, దాన్ని ఎవరు తిప్పుతున్నారు అనే ప్రశ్నలు నూట అరవై మూడో పేజీలో మొదలవుతాయి. అక్కడే ఆగిపోతాయి కూడా.

ఇరవై రెండేళ్ల శ్రమ అంతా ఒక లావుపాటి నోటుబుక్కులో ఉంది. రెండో ప్రతి లేదు. జిరాక్సు తీయించమని భార్య రత్నమాల ఎన్నోసార్లు చెప్పింది. జిరాక్సు షాపువాడు చదివేస్తాడని ఆయన భయం. అది ఎవరైనా చదవాలనే ఆయన ఇరవై రెండేళ్లు రాశాడన్న సంగతి ఆ భయంలో గుర్తుండేది కాదు. వేణుమాధవ్ గారికి పదకొండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు, పన్నెండోదానికి వాట్సాప్‌లో జవాబొచ్చింది. రైల్లో రామగుండం మీదుగా హైదరాబాదు వెళ్తున్నానని, బోగీ తలుపు దగ్గర నిలబడతానని, ఇస్తే తప్పక చదువుతానని. చదువుతాను అన్న మాట బాబూరావుకు జన్మలో మొదటిసారి వినబడింది.

పొద్దున ఆయన పుస్తకానికి నల్ల ప్లాస్టిక్ కవరు చుట్టి, పురికొసతో మూడు ముళ్లు వేశాడు.

"మన పెళ్లయ్యాక మీరు ఇంత శ్రద్ధగా మూడు ముళ్లు వేయడం ఇదే," అంది రత్నమాల. ఆమెది భీమవరం వైపు. "టీ చల్లారిపోతోంది. ఫోను ఛార్జింగులో ఉంది, గనిలోకి ఎలాగూ పట్టుకెళ్లనివ్వరు గానీ, స్టేషనుకెళ్లే ముందు ఇంటికొచ్చి తీసుకెళ్లండి."

"ఇంటికొస్తె రైలు పోతది. గని కాడికెల్లే స్టేషనుకు పోత," అన్నాడు బాబూరావు. ఆయన తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ గుమస్తా అయ్యాడు గానీ, ఆయన పుట్టిందీ మాట్లాడేదీ ఈ మట్టిలోనే.

గోడ అవతల నుంచి ముష్తాక్ తల ఎత్తాడు. ఆయన గనిలో ఎలక్ట్రీషియను. ఆ రోజు సెలవు పెట్టాడు. "బాబూరావన్న, ఐదింటికి మంగ్నీ. నీ కుర్చీ నా కుర్చీ పక్కనే ఏపిస్తున్న. మరిచినవంటే మా నుస్రత్ నన్ను ఇంట్లకు రానియ్యది."

"ఎట్ల మరుస్త ముష్తాక్. తస్లీమాను ఎత్తుకొని తిప్పినోన్ని," అన్నాడు బాబూరావు, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి.

పుస్తకాన్ని పైన ఎక్కడ పెట్టినా నమ్మకం కుదరక, గుడ్డసంచిలో వేసుకుని గనిలోకే తీసుకెళ్లాడు. డ్యూటీ అయ్యాక పైకి వచ్చి ల్యాంపు రూములోకి అడుగు పెట్టాడు. గనిలో దిగే ప్రతివాడికీ తలకు పెట్టుకునే బరువైన బ్యాటరీ ల్యాంపు ఒకటి, దానికో నంబరు, ఆ నంబరుకో గూడు. దిగేటప్పుడు గూట్లోంచి తీసుకుని, పైకి వచ్చాక గూట్లో పెట్టాలి. ల్యాంపు వచ్చిందంటే మనిషి వచ్చినట్టు. ల్యాంపు రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు. దీని మీద గనిలో ఎవరూ వాదించరు.

బాబూరావు గూడు నాలుగొందల పదిహేడు. దాని ముందు నిలబడి, లోపల కారిన నీళ్లకు పుస్తకం తడిసిందేమోనని సంచిలోంచి తీసి తడిమి చూశాడు. తడవలేదు. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో ల్యాంపు. సరిగ్గా అప్పుడే నూట అరవై మూడో పేజీ గుర్తుకొచ్చింది. ప్రొఫెసరు మొదట అడిగేది అదే కదా, ఫ్యాను ఎక్కడ అని. జవాబు ఆలోచిస్తూనే చేతిలో ఉన్నదాన్ని గూట్లో పెట్టాడు, రెండో చేతిలో ఉన్నదాన్ని సంచిలో వేసుకున్నాడు, గేటు దాటి ఆటో ఎక్కాడు. గూట్లో పెట్టింది పుస్తకం. సంచిలో వేసుకున్నది ల్యాంపు.

రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఆగవలసిన రెండు నిమిషాలే ఆగింది. చెప్పవలసిన నాలుగు మాటలు బాబూరావు మూడు రోజులుగా అద్దం ముందు సాధన చేశాడు. ఆ రెండు నిమిషాల్లో ఒకటికి పైగా బోగీ వెతకడానికే పోయింది. వేణుమాధవ్ గారు తలుపు దగ్గర, మాట ఇచ్చినట్టే, నిలబడి ఉన్నారు. తెల్లజుట్టు, అలసిన ముఖం. బాబూరావు సంచి అందించాడు.

"సార్, ఇరవై రెండేండ్లు," అని మాత్రం అన్నాడు.

ప్రొఫెసరు సంచి అందుకుని చేత్తో తూచారు. "బరువైన సిద్ధాంతమేనండీ," అన్నారు. రైలు కదిలింది. బాబూరావు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, చివరి బోగీ కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు. కళ్లు చెమర్చాయి. తండ్రి బతికుంటే చెప్పుకునేవాడు. ఎవరికీ చెప్పుకోలేక నాలుగు మిర్చి బజ్జీలు కొనుక్కుని ఒక్కడే తిన్నాడు.

ఆయన రైలు కోసం చూస్తున్న వేళకే, ల్యాంపు రూములో పనిచేసే గట్టయ్య గూళ్లు లెక్కపెడుతూ నాలుగొందల పదిహేడు దగ్గర ఆగాడు. ల్యాంపు లేదు. నల్లటి పొట్లం ఉంది. పురికొస కోసి చూస్తే నోటుబుక్కు. మొదటి పేజీ చదివి, దాన్ని పట్టుకుని మేనేజరు జగదీశ్వర్ గదికి పరిగెత్తాడు.

ఆ మొదటి పేజీ బాబూరావు తన గ్రంథానికి రాసుకున్న ముందుమాట. అందులో ఇలా ఉంది: "నేను వెతికినది లోతుల్లోనే దొరికింది. అన్ని బలాలూ ఒకటైపోయే చోటికి చేరుకున్నాను. ఇక నేను చెప్పవలసింది ఏమీ లేదు. నా భార్య రత్నమాల ఇచ్చిన ప్రతి టీనీ చల్లార్చి, ఆమె చెప్పిన ప్రతి మాటకూ ఊకొట్టి ఊరుకున్నందుకు ఆమె నన్ను క్షమించాలి. అందరికీ సెలవు."

"గిది రాసిపెట్టి లోపల్నే ఉండిపోయిండు సార్," అన్నాడు గట్టయ్య.

ఫోను చేస్తే రత్నమాల ఎత్తింది. ఆయన ఇంటికి రాలేదంది. స్టేషనుకు వెళ్తానన్నారు అని కూడా అంది. కానీ గూట్లో ల్యాంపు లేదని చెప్పాక ఆ మాటను ఆమే నమ్మలేకపోయింది. ఏ పుస్తకం ఇవ్వడానికి వెళ్లాడో ఆ పుస్తకం ల్యాంపు గూట్లోనే ఉంటే ఇక స్టేషనెందుకు. గాలి కొలిచే రెండో ఉద్యోగి పృథ్వీరాజ్‌ను అడిగితే, "నా వెనుకనే వస్తుండనుకున్న సార్, తిరిగి చూడలె," అని తల దించుకున్నాడు. జగదీశ్వర్ వెంటనే రెండో షిఫ్టు పని ఆపించారు. రెస్క్యూ బండిని పిలిపించారు.

ఇంతలో పుస్తకం తిరగేస్తే లోపల పటాలు కనిపించాయి. సిద్ధాంతానికి ఉదాహరణగా బాబూరావు గనిలోని పాత సొరంగాలన్నీ గీసి, తాను కూర్చుని ఆలోచించుకునే చోట్లను ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నాడు. నాలుగు బలాలకు నాలుగు అధ్యాయాలు, నాలుగు దిక్కుల పటాలు. వెతకడానికి ఇంతకంటే ఆధారం దొరకదు. జగదీశ్వర్ కుట్టు విప్పి, పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు జట్లకు పంచారు. ఇరవై రెండేళ్లు కష్టపడి ఒకటి చేసిన బలాలు ఒక్క నిమిషంలో విడిపోయాయి.

రత్నమాలను గని దగ్గరికి తీసుకొచ్చింది ముష్తాక్. అప్పటికే ఆయన తెల్ల షేర్వాణీ వేసుకుని, అత్తరు పూసుకుని, పెళ్లికొడుకు తరఫువాళ్లకు ఎదురు చూస్తున్నాడు. పాత సొరంగాల్లో కేబుళ్లు లాగింది తనే కాబట్టి దారులు తనకే బాగా తెలుసన్నాడు. బట్టలు మార్చుకోమంటే వినలేదు. గురుత్వాకర్షణ అధ్యాయం తీసుకుని, మొదటి జట్టుతో దిగిపోయాడు.

బాబూరావుకు చాలాసేపటికి దొరికిన ఆటో ఆరున్నరకు గని ముందు నుంచే వెళ్తోంది. గేటు దగ్గర జనాన్ని, రెస్క్యూ బండిని చూసి ఆయన ఆటో ఆపించాడు. దిగి, బయటి నుంచి వచ్చిన అంబులెన్సు డ్రైవరును అడిగాడు.

"ఏమైంది తమ్మీ?"

"లోపల ఒకాయన ఉండిపోయిండంట. గాలి కొలిచేటాయన. చిట్టి గూడ రాసిపెట్టిండంట పాపం."

గనిలో గాలి కొలిచేవాళ్లు ఇద్దరే. ఒకడు తను. తను ఇక్కడే ఉన్నాడు. అంటే పృథ్వీరాజ్. పొద్దున తనతో కలిసి దిగిన కుర్రవాడు. నిన్ననే వాడు ఏదో చెప్పుకోబోతే, ఫ్యాను ధ్యాసలో ఉండి తనే తర్వాత చెప్పమన్నాడు. బాబూరావుకు ఏడుపొచ్చింది. నాలుగు బలాలు తెలిసి ఏం లాభం, పక్కన నడిచే మనిషి బాధ తెలియనప్పుడు అనుకున్నాడు. పాత సొరంగాలు తనకంటే ఎవరికి తెలుసు. తనే దిగి వెతుకుతాడు. ల్యాంపు కోసం వెనుక దారిన ల్యాంపు రూములోకి పరిగెత్తాడు.

నాలుగొందల పదిహేడో గూట్లో ల్యాంపు లేదు. నల్ల ప్లాస్టిక్ కవరు ఉంది. దాని పక్కన పురికొస. మూడు ముళ్లూ చెక్కుచెదరలేదు, దారం మాత్రం కోసి ఉంది. బాబూరావు ఆ ముళ్ల వంక చాలాసేపు చూశాడు. సంచి బరువును చేత్తో తూచిన ప్రొఫెసరు గుర్తొచ్చారు. అక్కడే కూర్చుండిపోయాడు.

గట్టయ్య వచ్చి చూసి గోడ పట్టుకున్నాడు.

"పృథ్వీరాజ్ ఎక్కడ?" అనడిగాడు బాబూరావు, ఏ మూలో మిగిలిన ఆశతో.

"నిన్ను ఎతుకుతందుకు లోపలికి పోయిండే," అన్నాడు గట్టయ్య.

గని ఫోనులో కిందికి కబురు చేశారు. జట్లు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ముప్ఫై మంది మనుషులు, పీకల దాకా తడిసి, బొగ్గు పూసుకుని. ఒక్కడూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని బాబూరావుకు అనిపించింది. రత్నమాల బెంచీ మీద కూర్చుని ఉంది. ముందుమాట ఉన్న కాగితం ఆమె ఒళ్లో ఉంది.

"ఈ మాట ఇంట్లో చెప్తే సరిపోయేదిగా," అంది. "టీ వేడిగా ఉన్నప్పుడు."

ఆయన ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చునే హక్కు ఉందో లేదో తెలియక నిలబడ్డాడు.

ఆఖర్న ముష్తాక్ వచ్చాడు. షేర్వాణీ తెల్లదని చెప్తే తప్ప తెలిసేలా లేదు. బాబూరావును పట్టుకుని భుజాలు తడిమి చూశాడు.

"ఇచ్చినవా?"

"ఏంది?"

"పుస్తకం భాయ్. ప్రొఫెసరుకు ఇచ్చినవా లేదా?"

"ల్యాంపు ఇచ్చిన ముష్తాక్."

ముష్తాక్ జేబులోంచి నల్లటి తడి ముద్ద ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "నీ గ్రావిటీ. జర తడిసింది. తక్కినయి నీళ్లల్ల పోయినయంట."

"మంగ్నీ?"

"అయిపోయి ఉంటది. మగపిల్లగాని తరపోళ్లు దూరం పోవాలె. ఎంతసేపని ఆగుతరు."

మర్నాడు బాబూరావు పక్క క్వార్టరుకు వెళ్లి తలవంచుకుని నిలబడ్డాడు. నుస్రత్ బేగం మిఠాయి పెట్టింది గానీ ముఖం చూడలేదు. తస్లీమా ఫోనులో ఫొటోలు చూపించింది. ఉంగరం తొడిగేటప్పుడు ఆమె వెనుక రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"ఫికర్ చెయ్యకు అంకుల్. ఇద్దరు పైకొచ్చిన్రు కదా," అంది ఆ పిల్ల. తన తండ్రి లేని ఫొటోను మాత్రం ఇంకోసారి చూసుకుంది. ఆ చూపు బాబూరావుకు ఇప్పటికీ గుర్తే. క్షమించమని అడగడానికి ఆయన మాటలు పోగేసుకుని వెళ్లాడు. చేతిలో మిఠాయితోనే తిరిగొచ్చాడు.

ఆ తర్వాత ఆయన మళ్లీ రాయడం మొదలుపెట్టలేదు. పొద్దున టీ వేడిగా ఉండగానే తాగుతున్నాడు. నాలుక కాలుతోంది.

మరుసటి వారం గురువారం హైదరాబాదు నుంచి పార్సెలు వచ్చింది. లోపల ల్యాంపు, ఒక ఉత్తరం.

"బాబూరావు గారికి నమస్కారం. మీరిచ్చినది అందింది. దారిలో మా బోగీలో దీపాలు పోయాయి. మీ సిద్ధాంతం వెలుగులో పద్దెనిమిది మందిమి భోజనాలు చేశాం. సర్వాన్నీ వివరించే సిద్ధాంతాలు ముప్ఫై ఏళ్లుగా నాకు వస్తూనే ఉన్నాయి. స్విచ్చి నొక్కగానే పని చేసింది ఇదొక్కటే. దీనితో పాటు పుస్తకం కూడా ఉందని మీ ఉత్తరాల్లో రాశారు. పంపితే తప్పక చదువుతాను."

తప్పక అన్న మాట దగ్గర బాబూరావు కళ్లు ఆగాయి. పంపడానికి చదవగలిగేలా మిగిలింది ఒక్క ముందుమాటే. దాన్ని రత్నమాల చీరల మధ్య దాచుకుంది. అడగడానికి ఆయనకు మనసొప్పలేదు.

ల్యాంపు తీసుకుని గని దగ్గరికి వెళ్లాడు. నాలుగొందల పదిహేడో గూట్లో పెట్టి, పెట్టింది ల్యాంపేనని రెండుసార్లు చూసుకున్నాడు. గట్టయ్య రిజిస్టరు తెరిచి, ఆ నంబరు ఎదురుగా ఎనిమిది రోజులుగా ఖాళీగా ఉన్న గడి నింపి సంతకం పెట్టాడు.

గని లెక్కల ప్రకారం బాబూరావు పైకి వచ్చింది ఆ రోజే.