లిఫ్టుల ఇన్‌స్పెక్టరు కోన్ల వ్యాన్‌ను జయించిన విధము

వినుడు, సుఖాసీనులారా! ఫ్యాను క్రింద కాళ్ళు చాపుకొని, పరుల ఆయాసమును చదివి పరవశించు మహానుభావులారా, వినుడు!

ఆదివారమునాటి ఉదయమున, ఆరున్నర గంటల శుభవేళ, బుద్ధి గలవారందరు దుప్పట్లు ముసుగు తన్ని నిద్రించుచుండగా, నగరపు అంచున, ఉక్కుకంచె పరివేష్టితమై, 'లోతు ఎక్కువ, జాగ్రత్త' అను బోర్డుచే అలంకృతమై, ఆకుపచ్చని జలములతో నిండిన సరస్సు ఒడ్డున, రెండువందల పదకొండుమంది యోధులు రబ్బరు శిరస్త్రాణములు ధరించి, ఎవరును బలవంతపెట్టకున్నను తమంతట తామే వచ్చి, చలికి గడగడ వణకుచు నిలచిరి. మూడంచెల యుద్ధమది. మొదట ఏడువందల యాభై మీటర్ల ఈత. పిదప ఇరువది కిలోమీటర్ల సైకిలు. అటుపిమ్మట ఐదు కిలోమీటర్ల పరుగు. ట్రయత్లాన్ అని దానికి పేరు. రెండున్నర గంటలలో ముగించనివాని పేరు జాబితా నుండి తొలగిపోవును.

ఆ సేనలో కట్టకడపటి వరుసలో, పొట్టను లోనికి పీల్చి పట్టుకొని నిలచియున్నవాడే మన కథానాయకుడు. వయస్సు నలుబది నాలుగు. ఊర్ధ్వాధోయానయంత్ర పరీక్షాధురంధరుడు, అనగా లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పంతొమ్మిదేండ్లుగా నగరములోని ప్రతి లిఫ్టును ఎక్కి, దిగి, 'బాగున్నది' అని సంతకము చేసిన ఆ మహనీయుడు, వృత్తిధర్మమునకు కట్టుబడి, ఇన్నేండ్లలో ఒక్క మెట్టైనను ఎక్కి ఎరుగడు.

అట్టివాడు ఇచటికి ఏల వచ్చెను? చెప్పెద.

నాలుగు మాసముల క్రిందట, తానే ముందునాడు సంతకము పెట్టిన ఒక లిఫ్టు, సంతకపు సిరా ఆరకమునుపే మొరాయించెను. దానిని చూచుటకు ఆయన ఐదవ అంతస్తునకు మెట్లెక్కి పోవలసివచ్చెను. వెంట బావమరిది యుండెను. బక్కపలుచనివాడు, మణికట్టున నాలుగు బొత్తాల గడియారము గలవాడు, తాను తిన్న ప్రతి మెతుకునకు ఎంత పరుగెత్తవలెనో నోటిలెక్కన చెప్పువాడు. మూడవ అంతస్తున మన వీరుడు గోడ పట్టుకొని, క్షీణశ్వాసుడై, మెట్టుమీద చతికిలబడెను.

"కూర్చో బావా, కూర్చో," అన్నాడు బావమరిది. "తొందరేం లేదు. లిఫ్టు బాగయ్యాక కిందికి దిగుదువుగాని."

ఆ మాట ములుకై గుచ్చుకొనెను. ఆనాడే భోజనపు బల్లయొద్ద, చేతి గరిటెను గదవలె పైకెత్తి ఆయన ప్రతిజ్ఞ చేసెను: "ధరణీమండలమెల్ల దద్దరిల్లునట్లు, జలమును చీల్చి, చక్రమును త్రిప్పి, భూమిని తొక్కి, నన్ను గేలిచేసిన నాలుకలకు తాళము వేయకున్న, నేను నేనే కాను!"

దంతవైద్యశాలలో నర్సుగా పనిచేయు ఆయన ఇల్లాలు, అట్టి గర్జనలను రోజుకు పదునైదు నోళ్ళలో వినునది కాన, తలయైనను ఎత్తలేదు. "అలాగే చేద్దురుగాని. ముందు లేచి ఆ నీళ్ళసీసా మీరే తెచ్చుకోండి."

తెచ్చుకొనెను. తొలి విజయమది.

తదుపరి నాలుగు మాసములలో ఆయన శిక్షణ పొందినది కొంత, సామగ్రి సేకరించినది కొండంత. నీరు తగలని కళ్ళద్దములు, చెమట పట్టని బనీను, గాలిని మోసగించు శిరస్త్రాణము, హృదయస్పందనను నిముషనిముషమునకు ఆఫీసు వాట్సాప్ గ్రూపునకు చేరవేయు గడియారము. ఈత నేర్పు గురువు మాత్రము, "సార్, సామాను చాలు, ఇక నీళ్ళలో దిగండి," అని తొమ్మిది వారములు వేడుకొనెను. ఏలన మన వీరునికి లోతన్న భయము. ఆ మాట గ్రూపులో పెట్టలేదు.

ఈల మ్రోగెను!

ప్రళయకాలపు మొసళ్ళ గుంపువలె రెండువందల పదిమంది యోధులు నీటిపై విరుచుకుపడిరి. మోచేతులు మోచేతులను ఢీకొనెను. మడమలు ముక్కులను పలకరించెను. రెండువందల పదునొకండవవాడు మోకాటిలోతున నిలచి, కళ్ళద్దములను మూడుమారులు సవరించుకొని, ఇక సవరించుటకు ఏమియు మిగలకపోగా, దూకెను. నూరు మీటర్లు పోయినపిదప కాళ్ళక్రింద నేల లేదని ఎరిగెను. అంతట సరోవరాంతర్గత జలనాగమొకటి తన పాదమును చుట్టివేసెనని (అది నాచుపోగు) తలచి, హాహాకారము చేసి, చేతికందిన దానిని గట్టిగా పట్టుకొనెను.

"బాబూ, అది నా కాలు," అని ఒక ప్రశాంతస్వరము వినవచ్చెను. "వదులు నాయనా, నాకు దాంతో పనుంది."

గులాబీరంగు టోపీ ధరించిన ఒక పెద్దావిడ, డెబ్బదికి దగ్గరపడిన రిటైర్డు పోస్టుమాస్టరు, తల నీటిపైన నిలిపి, వరండాలో పచారు చేయుచున్నట్లు ఈదుచుండెను.

"అమ్మా, లోతు..." అన్నాడు వీరుడు.

"లోతుతో మనకేం పని? మనం ఈదేది పైన కదా. దారి చూపడానికి నీళ్ళమీద కట్టిన ఆ నారింజరంగు బుడగ కనిపిస్తోందా? అక్కడిదాకా రా. దాని తరవాతది తరవాత చూద్దాం."

వీరుడు బుడగనుండి బుడగకు, నీటిని కొంత ఈదుచు కొంత త్రాగుచు, ముప్పదియేడు నిముషములలో ఒడ్డు చేరెను. పెద్దావిడ అప్పటికే సైకిలెక్కి, చెయ్యి ఊపి, కనుమరుగయ్యెను.

ఇక వినుడు, కవులు వర్ణింపజాలని ఘోరసంగ్రామము: మేజోటి యుద్ధము! తడిసిన పాదము, పొడి మేజోడు. ఈ రెండింటికి సృష్టి మొదలుకొని పొత్తు లేదు. గడ్డిపై కూలబడి వీరుడు కుడిపాదమును ముట్టడించెను. మేజోడు వ్రేళ్ళయొద్దనే ఆగి, అడుగు ముందుకు వేయనని భీష్మించెను. లాగెను. మడమ భాగము పైకి వచ్చెను. త్రిప్పెను. అది అడ్డముగా తిరిగెను. పట్టుదలచే పిక్క పట్టేసి, వీరుడు వెల్లకిల పడి, పాదము ఆకాశమునకెత్తి, సూర్యునికి నివేదించుచున్నట్లు నిశ్చలుడయ్యెను.

కంచె ఆవలినుండి బావమరిది కేక వేసెను: "ఎనిమిది నిమిషాలు, బావా! జనం సైకిలు సగం తొక్కేశారు! మేజోళ్ళు లేకుండా ఎక్కెయ్!"

"ఓరీ అల్పజ్ఞుడా! అర్ధాలంకృతుడనై రణమునకు పోవుటయా! మేజోడు లేని మహావీరుని ఏ చరిత్ర స్మరించెనురా!" అని గర్జింపదలచెను. నోటినుండి వెలువడినది "అబ్బా, పిక్కరా!" అను రెండు మాటలే.

చివరకు ఒక కాలికి మేజోడుతోను, ఒక కాలికి అది లేకయు, ఆయన సైకిలెక్కెను. ఎక్కినతోడనే వెనుకనుండి ఒక గురగుర ధ్వని వినబడెను.

అదియే కోన్ల వ్యాను! పందెపుదారికి హద్దుగా నిలిపిన ఎర్రని కోన్లను ఏరుకొనుచు, కట్టకడపటి యోధుని వెంటనే నడచు నాలుగు చక్రముల కాలస్వరూపము. అది ఎవని దాటునో వాని పందెము ముగిసినట్లే. దాని ముంగిట పసుపుదీపము మిణుకుమిణుకుమనుచుండెను. సారథియో, స్టీరింగుపై మోచేయి ఆనించి, మృత్యుదేవత సెలవుపై పోగా తాను బదులు వచ్చినట్లు ఆవులించుచుండెను.

ఐదవ కిలోమీటరున వ్యాను ప్రక్కకు వచ్చెను. అద్దము దిగెను. "సార్, ఎక్కేస్తారా? ముందు సీటు ఖాళీ. ఏసీ ఉంది."

ఎంతటి మాయ! ఎంతటి ప్రలోభము! చెమట కన్నులలో దిగి, సీటు తొడలను కోసి, ఎదురుగాలి ముక్కును మూసియున్న తరుణమున, ఏసీ అను రెండక్షరములు విని చలింపని ధీరుడెవడు? మన వీరుడు చలించెను. నిజము దాచనేల? ఆయన దృష్టి ఆ సీటుపై మూడు విద్యుత్‌స్తంభముల దూరము నిలచెను. కాని ఎదుట ఆఫీసు గ్రూపు కనబడెను. అందు నవ్వుచున్న పసుపుముఖములు వరుసలు తీరి కనబడెను.

"వద్దు బాబూ," అన్నాడు.

"మీ ఇష్టం సార్. నా స్పీడు మీ స్పీడే."

పదునొకండవ కిలోమీటరున, చిన్న మిట్టపై, గొలుసు జారి చక్రము పళ్ళ నడుమ ఇరుక్కొనెను. వ్యాను ఆగెను. సారథి తల బయటపెట్టి, "అయిపోయిందా సార్?" అన్నాడు, కొంచెము ఆశగా.

ఇచట, శ్రోతలారా, నవ్వు ఆపుడు. గొలుసు, పళ్ళచక్రము, బిగువు, సడలింపు: ఇవి ఆయన అన్నముపెట్టు విద్య. పంతొమ్మిదేండ్లు చీకటి గోతులలో టార్చి వెలుగున చూచినవి. వీరుడు మోకాళ్ళపై కూర్చుండి, రెండువ్రేళ్ళతో సడలించి, బొటనవ్రేలితో త్రోసి, పెడలు వెనుకకు ఒక చుట్టు త్రిప్పెను. ముప్పది క్షణములు పట్టలేదు. ఆ ఉదయమంతయు ఆయన తడబడక చేసిన పని అది ఒక్కటే. కాని చూచినవాడు వ్యాను సారథి ఒక్కడే.

"భలే సార్," అన్నాడు సారథి, ఆవులింత మాని.

ఇక పరుగు. సైకిలు దిగిన మానవునికి కాళ్ళుండవు. వాటి స్థానమున ఎవరో రెండు తడి దిండ్లు వ్రేలాడదీయుదురు. వాటిపై మన వీరుడు బయలుదేరెను. పరుగెత్తుచున్నానని ఆయన విశ్వాసము. రెండవ కిలోమీటరుకడ ఇల్లాలు ఎదురుపడి, ఆసుపత్రి బూట్లతో, భుజమున సంచితో, ప్రక్కనే నడచెను.

"నాతోబాటు పరుగెత్తకు, అలిసిపోతావు," అన్నాడు రొప్పుచు.

"నేను నడుస్తున్నానండీ," అన్నదామె.

మరియొక కిలోమీటరు గడచెను. "అయిపోయింది, ఇంకొక్క మలుపే," అన్నదామె.

"పళ్ళు పీకేటప్పుడూ ఇదే అంటావుగా నువ్వు."

"అవును. పన్ను ఊడుతుందిగా మరి."

నాలుగవ కిలోమీటరు రాయికడ ఆయన కాలిబాట అంచున కూలబడెను. వ్యాను పది అడుగుల వెనుక నిలచి, ఇంజను గురగురలాడించెను. ఇప్పుడు ఆయన మహోపన్యాసమేదియు తలపెట్టలేదు. కథకుడనైన నేను అతికించుటకు కూడ ఏమియు లేదు.

"ఇక నావల్ల కాదు," అన్నాడు. "నీకో మాట చెప్పలేదు. ఆ రోజు మెట్లమీద... నేను కూర్చున్నది ఆయాసంతో కాదు. గుండె అదోలా కొట్టుకుంది. అక్కడే పోతాననుకున్నాను. వాడు నవ్వుతుంటే నేనూ నవ్వేశాను."

ఆమె సంచి క్రింద పెట్టి ప్రక్కన కూర్చుండెను. "తెలుసు."

"ఎలా?"

"మర్నాడు ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికెళ్ళారు. ఆ కాంపౌండరు మా క్లినిక్‌లోనే పళ్ళు చూపించుకుంటాడు. గుండెకేం లేదు, ఒళ్ళు కదిలించమన్నారు, అంతేగా? మీరే చెప్తారని నాలుగు నెల్లనుంచి చూస్తున్నాను." సంచినుండి నీళ్ళసీసా తీసి చేతికిచ్చి, "ఇప్పుడెలా కొట్టుకుంటోంది?" అన్నది.

ఆయన రొమ్ముపై చేయి వేసికొని ఆలకించెను. "గట్టిగా. కానీ సరిగ్గానే."

"అయితే లేవండి. పాపం, ఆ వ్యానబ్బాయి కూడా ఇంటికెళ్ళాలిగా."

లేచెను! మోకాళ్ళు కీచుమనగా, ఒంటిమేజోటి పాదము ఈడ్చుకొనుచు, వీరుడు లేచెను!

గమ్యద్వారమున నాడు జయజయధ్వానములు లేవు. మైకువాడు తీగలు చుట్టుకొనుచుండెను. గాలి నింపిన తోరణము ఒకవైపు వాలి, ముసలి ఏనుగు కూర్చుండుచున్నట్లు మెల్లమెల్లగా క్రుంగుచుండెను. గడియారము రెండు గంటల ఇరువదితొమ్మిది నిముషములు చూపుచుండెను. ఘోరమైన విషయమేమనగా, కాలికి కట్టిన చిప్పు సోకి 'కీ' మన్నప్పుడే యోధుడు చేరినట్లు లెక్కించు రబ్బరు చాపను, మీసాల పనివాడొకడు ఆవలి అంచునుండి చాపచుట్టగా చుట్టుకొనుచు వచ్చుచుండెను! వీరుడు నలుబది అడుగుల దూరమున నుండెను. కేక వేయబోయెను. దగ్గు వచ్చెను.

అప్పుడు, ఓ శ్రోతలారా, శత్రుశిబిరమునుండి శంఖము మ్రోగెను! వ్యాను హారను ఊరంతయు ఉలిక్కిపడునట్లు మ్రోగెను. సారథి సగము దేహము కిటికీలోనుండి బయటపెట్టి అరచెను: "ఆపండయ్యా ఆ చాప! మనిషున్నాడిక్కడ! ఇంకా మనిషున్నాడు!"

పనివాడు ఉలికిపడి చుట్ట వదలెను. మిగిలియున్న చాప జానెడు. ఆ జానెడు చాపపై, మేజోడు లేని పాదముతో, వీరుడు దుమికెను.

'కీ.'

రెండు గంటల ఇరువదితొమ్మిది నిముషముల యాభైయెనిమిది క్షణములు! తోరణము నిట్టూర్చి ఆయనపై కూలెను. దాని క్రిందినుండి ఆయనను బావమరిదియు ఇల్లాలును చెరొక చేయి పట్టి బయటకు లాగిరి.

బావమరిది తన గడియారము చూచి, "రెండువందల పదకొండు మందిలో రెండువందల పదకొండో స్థానం, బావా," అన్నాడు. నవ్వబోయి, ఎందుకో నవ్వలేకపోయెను. "కానీ... వచ్చేశావు."

వ్యాను వచ్చి ఆగెను. సారథి దిగి, చివరి కోనును ఏరి వ్యానులోనికి విసరి, మన వీరుని చేయి పట్టి ఊపెను. "మీరు చివర కాదు సార్. చివర నేను. ప్రతిసారీ నేనే చివర."

కావున చాటింపు వేయుచున్నాను, దిక్కులారా, ఆలకింపుడు! నూట పది అశ్వశక్తియు, నిండు ట్యాంకును, శీతలవాయుయంత్రమును గలిగి, ఇరువదియైదు కిలోమీటర్లు వెన్నంటిన ఆ మహావాహనమును, మన ఊర్ధ్వాధోయానయంత్ర పరీక్షాధురంధరుడు పదునాలుగు అడుగుల తేడాతో చిత్తుచిత్తుగా ఓడించెను! జయము! జయము!