త్రినాథరావు సూదిమందు విజయము

బంద్ పిలుపునకు బెదిరి బస్సులు డిపోలలోను, ఆటోలు సందులలోను, దుకాణములు తమ ఇనుప షట్టర్ల వెనుకను తలదాచుకొనిన ఒకానొక శ్రావణ సాయంకాలమున, పందొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరమున, పడమటి సూర్యుడు జూబ్లీ హిల్స్ బండరాళ్ల శిరస్సులకు కెంపురంగు పూసి, దిగువన ఫిల్మ్ నగర్‌లోని ప్లైవుడ్ కోటలను, అట్టముక్కల గోపురాలను నిజమైన బంగారమని భ్రమింపజేస్తున్న ఆ శుభవేళ, ఒక మేడ మీది అద్దె వాటాలో, నవారు మంచం పక్కన, ఒక మహావీరుడు అరంగుళం సూదిని చేతబట్టి వెనుకంజ వేస్తున్నాడు.

అతడు త్రినాథరావు, ఫైట్ మాస్టర్. మూడంతస్తుల మేడ మీది నుంచి అట్టపెట్టెల గుట్టలోకి నవ్వుతూ దూకినవాడు. పరుగెత్తే లారీ కింద నుంచి అవతలికి జారి, లేచి, చొక్కా దులుపుకొని టీ అడిగినవాడు. సకల ప్రతినాయక దవడలకు ప్రళయకాలరుద్రుడు. అయినా ఆ ప్రచండ బాహువుల అసలు ఘనత వేరే ఉంది. సినిమాల్లోకి వచ్చిన నాటి నుంచి నేటి వరకు ఆ పిడికిలి ఒక్క మనిషిని నొప్పించలేదు. గాలిని చీల్చుకుంటూ వచ్చిన గుద్దు ఎదుటివాడి దవడకు అంగుళం ఇవతల ఠక్కున ఆగిపోతుంది. ఎదుటివాడు అదను చూసి మెడ విరుచుకొని పడిపోతాడు. కెమెరా ఓరగా చూసి మోసపోతుంది. చప్పుడు తరువాతెప్పుడో రికార్డింగ్ థియేటర్‌లో అతికిస్తారు. ఆ అంగుళమే అతని విద్య, ఆ అంగుళమే అతని పరువు, ఆ అంగుళమే అతని అన్నం.

మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నది అతని ధర్మపత్ని లీలాకుమారి. తెలుగు రాని కథానాయికలందరికీ తన గొంతు అరువిచ్చిన డబ్బింగ్ కళాకారిణి, తెర మీద తన ముఖం ఎన్నడూ చూసుకోని స్వరసామ్రాజ్ఞి. ఇప్పుడు ఆమెకు అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి చూపించుకున్న పెద్ద డాక్టరమ్మ పరీక్షలు చేయించి శత్రువు జాడ కనిపెట్టింది. దేహదుర్గాన్ని కాపాడవలసిన యాంటీబాడీలనే కావలిభటులు, తమవారెవరో పైవారెవరో మరచి, స్వజనం మీదనే కత్తి దూసి, బిడ్డకు ఆహారం మోసుకెళ్లే మాయలోని సన్నని దారులలో నెత్తురు గడ్డలతో అడ్డుగోడలు కడుతున్నారట. ఆ మతిచెడిన భటులను శాంతింపజేయడానికి, వేలమంది దాతల రక్తం నుంచి వడగట్టిన మంచి యాంటీబాడీల మహాసేనను సీసాలో నింపి, నెలకొకసారి నరంలోకి చుక్కచుక్కగా దింపుతున్నారు. ఇది అందరికీ పని చేస్తుందని మాట ఇవ్వలేనని, ప్రయత్నిద్దామని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. దానికి తోడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పొట్ట తోలు కింద. ఇది మాత్రం ఒక్కపూట కూడా మానకూడదని ఆజ్ఞ.

ఇన్నాళ్లూ ఆ సూది వేసింది వెంగళరావు నగర్‌లో ఉండే నర్సు మేరీ. ఈ పొద్దున తెల్లవారకముందే ఎవరిదో స్కూటర్ మీద వచ్చి వేసి వెళ్లింది. సాయంత్రానికి రోడ్ల మీద టైర్లు తగలబడుతున్నాయి. లీలాకుమారి తానే వేసుకుందామంటే, నిన్న సీసా ఎక్కించిన కుడిచేయి బూరెలా వాచి ఉంది. మంచం దిగి తిరగవద్దన్నారు కనుక ఎక్కడికీ తీసుకుపోయే వీలు లేదు. కింద గేటు దగ్గరుండే వాచ్‌మన్ జంగయ్యను పిలిచి, ఈ చుట్టుపక్కల సూది వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఉన్నారన్నాడు.

"మా బస్తీల ఒకాయన ఉన్నడు సార్. బర్రెలకు ఏస్తడు. చెయ్యి మంచిది. పిల్వాల్నా?"

వద్దన్నారు. ఆ విధంగా సైన్యాధిపత్యం త్రినాథరావు మీద పడింది.

అంతట యుద్ధసన్నాహం మొదలైంది. హాల్లో ఉన్న ఫోను తీగ పడకగది దాకా రాదు గనుక, అతని అత్తగారు శకుంతలమ్మ గుమ్మంలో నిలబడి, రిసీవరును ఒక చెవికి ఆనించి, అవతల మేరీ చెప్పే యుద్ధనీతిని ఇవతలికి చేరవేసే బాధ్యత స్వీకరించింది. చేరవేస్తూ చేరవేస్తూ ప్రతి మాటకూ తనదొకటి కలిపింది. బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో అని మేరీ అంటే, రెండు వేళ్లంటే అల్లుడుగారి వేళ్లు కాదు, మామూలు మనుషుల వేళ్లు అని ఆమె సవరించింది. స్పిరిటు ఆరనివ్వమని మేరీ అంటే, ఫ్యాను కట్టమని ఒకసారి, వేయమని ఒకసారి అంది. ముందు ఒక బత్తాయి మీద సాధన చేయమని వచ్చిన సలహాను మాత్రం మార్చకుండా చెప్పింది. త్రినాథరావు ఉత్త సూదితో బత్తాయిని ఒకే పోటున పొడిచాడు. బత్తాయి కిక్కురుమనకుండా వీరస్వర్గం అలంకరించింది. గదిలో ఆశ మొలకెత్తింది.

కొత్త సూది తీశారు, మందు నింపారు. లీలాకుమారి ఎడమచేత్తో పొట్ట మీద చర్మాన్ని మడతగా పట్టి ఉంచింది. త్రినాథరావు కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి పీల్చి, సూదిని ఎత్తాడు. ఎత్తి, సినిమా డైలాగులే తెలిసిన ఆ వీరుడు సూదినే ఉద్దేశించి ఇట్లా పలికాడు:

"ఓ లోహశలాకా, నా వంశాన్ని అడ్డుకున్న పగవాడి మీదికి నిన్ను పంపుతున్నాను. వెళ్లు. నా ఇల్లాలిని నొప్పించకుండా వెళ్లు, నా బిడ్డను తాకకుండా వెళ్లు."

"మధ్యలో ఊపిరి తీసుకున్నారు," అంది లీలాకుమారి. "'వెళ్లు' దగ్గర పెదవి కలవలేదు. ముందు సూది వెయ్యండి."

చెయ్యి దిగింది. పిడుగులా దిగింది. దిగి, చర్మానికి అంగుళం ఇవతల ఠక్కున ఆగిపోయింది.

మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఆగింది. కళ్లు మూసుకుని వేస్తానన్నాడు, ఆమె ఒప్పుకోలేదు. ఎవరైనా 'యాక్షన్' అంటే చెయ్యి కదులుతుందేమోనన్నాడు. జంగయ్య గుమ్మం అవతలి నుంచి మర్యాదగా, దేవుడి గుడిలో అన్నట్టు, యాక్షన్ అన్నాడు. చెయ్యి మహావేగంతో కదిలి, మరింత శ్రద్ధగా, అదే అంగుళం దగ్గర ఆగింది. చక్రవ్యూహాలు ఛేదించవచ్చు, అక్షౌహిణులను తరమవచ్చు. కాని బతుకంతా నూరి నూరి పదును పెట్టుకున్న తన సొంత విద్యయే ఎదురుతిరిగి నిలబడితే ఏ వీరుడు ఏం చేయగలడు? గోడ గడియారంలో ముల్లు ఆరు దాటి ముందుకు జరుగుతూనే ఉంది. కొంచెం ఆలస్యమైతే ఫరవాలేదుగాని రాత్రికి వాయిదా వేయవద్దని మేరీ చెప్పిన మాటను శకుంతలమ్మ ఈసారి ఏమీ కలపకుండా చెప్పింది.

త్రినాథరావు సూదిని పళ్లెంలో పెట్టి మంచం అంచున కూలబడ్డాడు.

"నా వల్ల కాదు లీలా. ఈ చేత్తో ఎవరికీ దెబ్బ తగల్లేదు. నీకు తగులుద్దంటే ఇది కదలట్లేదు."

గత రెండుసార్లూ ఆసుపత్రి వరండాలో ఈ మనిషి గోడకు తల ఆనించి నిలబడటం లీలాకుమారి చూసింది. ఆ సంగతి ఎత్తలేదు.

"కొట్టేటప్పుడు ఎక్కడ చూస్తారు?" అని అడిగింది.

"వాడి దవడే చూస్తా. చెయ్యి దానంతటదే అంగుళం ముందు ఆగుద్ది."

"మరి నా తోలు మీద ఎందుకు చూస్తున్నారు? రౌడీ తోలు మీద లేడుగా, కింద ఉన్నాడు. నెత్తురు గడ్డ కట్టిస్తున్నవాడు. వాడి దవడ చూసి వెయ్యండి. అంగుళం ముందే ఆగండి, మీ పద్ధతిలోనే."

అతడు ఆ మాటను నోట్లో వేసుకుని నమిలాడు. ముఖం వెలిగింది, వెంటనే ఆరింది.

"లోపల మన పిల్ల ఉంది కదే."

"పిల్ల ఎక్కడో లోతున ఉంది. ఈ మడతలో ఉన్నది ఒట్టి కొవ్వు, మా అమ్మ పెట్టిన నెయ్యి. సూది అరంగుళమే. మీరు తలకిందులైనా పిల్లదాకా పోదు."

గుమ్మంలోంచి శకుంతలమ్మ, నెయ్యి సంగతి మేరీకి కూడా ఫోనులో తెలియజేసింది.

అప్పుడు లేచాడు త్రినాథరావు. లేచి, చర్మాన్ని కాక దాని అడుగున పొంచి ఉన్న పగవాణ్ని, బిడ్డ దారికి అడ్డుగోడలు కట్టే ఆ రక్తస్తంభన దుర్మార్గుణ్ని, వాడి మీసాన్ని, వాడి దవడను మనోనేత్రంతో గురిచూసి, నాసికాపుటాలు అదరగా, బనీను చెమటతో తడవగా, చెయ్యి దించాడు. దిగిన చెయ్యి దవడకు అంగుళం ఇవతల, తన జీవితకాలపు నియమాన్ని ఒక్క వెంట్రుకైనా మీరకుండా, ఠక్కున ఆగింది. ఆగేసరికి సూది మొత్తం మడతలోకి దిగి ఉంది.

నెమ్మదిగా నొక్కాలి అంది శకుంతలమ్మ, గుసగుసగా. అతడు నెమ్మదిగా నొక్కాడు. మందు వెళ్లింది. సూది తీసి దూది అద్దాడు. రుద్దకూడదు, ఉత్తగా ఒత్తి పట్టుకోవాలి అని మేరీ మాట వచ్చింది. ఇరవై మందిని ఒక్క చేత్తో చిత్తుచేసే ఆ వీరుడు రెండు చేతులతో ఆ దూదిని పట్టుకున్నాడు.

"నొప్పెట్టిందా?"

"చీమ," అంది లీలాకుమారి.

"ఫైట్ పాస్ అయింది సార్," అన్నాడు గుమ్మం అవతలి నుంచి జంగయ్య.

ఇక ఆ వృత్తిలో ఒక ఆచారం ఉంది. షాటు ఎంత బాగా వచ్చినా, రీలు మీద గీత పడిందేమోనని, సేఫ్టీకి ఇంకొకటి తీసి పెట్టుకుంటారు. త్రినాథరావు దూది వదిలి, ఖాళీ సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టి, విజయగర్వంతో అలవాటు చొప్పున అన్నాడు:

"బాగుంది. సేఫ్టీకి ఇంకోటి చేసేద్దాం."

లీలాకుమారి పొట్ట మీదికి చీర లాక్కుంది.

"ఓకే అయిపోయింది. ప్యాకప్."

ఆ విధంగా, బంద్ నాటి సాయంకాలమున, ఫిల్మ్ నగర్ కొండవాలున, ఒక మహావీరుడు ఒక అరంగుళం లోతున ఒక మిల్లీలీటరు మందును ప్రవేశపెట్టి దిగంతయశస్కుడయ్యాడు. శత్రువు చావలేదు, వాడికి రేపు పొద్దున మళ్లీ దెబ్బ ఉంది, ఎల్లుండి ఉంది, కాన్పు దాకా ఉంది. కాని ఈ ఒక్కపూటకు గోడ లేవలేదు, దారి తెరిచి ఉంది. యుద్ధభూమిలో మిగిలిన ఏకైక గాయం కందిగింజంత ఎర్రటి చుక్క. జయము, జయము, కందిగింజంత జయము.